పొట్ట తగ్గించే సర్జరీ: భీమవరంలో ఒక సంప్రదింపు, రాజమహేంద్రవరంలో ఒకటి

నాకు 42 ఏళ్లు. ఇద్దరు పిల్లలు, రెండూ సిజేరియన్ కాన్పులే. బరువు రెండేళ్లుగా నిలకడగానే ఉన్నా, చీర కుచ్చిళ్లు దోపుకునే చోట పొట్ట మడతపడి కిందికి వేలాడుతూ ఉండడంతో సర్జరీ గురించి ఆలోచించవలసి వచ్చింది. అమలాపురం నుండి బయలుదేరి ఒకసారి భీమవరంలోని స్లిమ్మింగ్ సెంటర్‌కు, మరోసారి రాజమహేంద్రవరంలోని ప్లాస్టిక్ సర్జన్ క్లినిక్‌కు వెళ్లి వచ్చాను. ఆపరేషన్ ఇంకా చేయించుకోలేదు కనుక ఇది ఆ రెండు సంప్రదింపుల గురించిన సమీక్ష మాత్రమే.

భీమవరంలో బరువు చూశారు, నడుముకు టేపు పెట్టారు, పది నిమిషాల్లో ఆరు సిట్టింగుల ఫ్యాట్ ఫ్రీజింగ్ ప్యాకేజీ కాగితం చేతిలో పెట్టి, ఈ రోజే కడితే తగ్గింపు ఉంటుందన్నారు. చర్మం కింది కొవ్వును అతిచల్లదనంతో దెబ్బతీస్తే అది రెండు మూడు నెలల్లో క్రమంగా కరుగుతుంది, నిజమే. కాని వదులైన చర్మాన్ని అది బిగించలేదు. పైగా అరుదుగా కొందరికి ఆ చోట కొవ్వు తగ్గడానికి బదులు గట్టిపడి పెరుగుతుంది. ఆ సంగతి అడిగితే, "అలాంటివేమీ ఉండవు మేడమ్" అని కౌన్సెలర్ నవ్వేశారు. అక్కడున్నంతసేపూ డాక్టరన్నవారు కనిపించలేదు.

రాజమహేంద్రవరంలో చెప్పిన వేళ దాటి గంటన్నర కూర్చోబెట్టారు. అయినా పరీక్ష చూశాక ఆ విసుగు పోయింది. సర్జన్ గారు, పక్కన నర్సు ఉండగా, నన్ను బల్లపై వెల్లకిలా పడుకోమని, చేతుల ఊతం లేకుండా తల పైకెత్తమన్నారు. బొడ్డుకు పైనా కిందా నడిమధ్యన వేళ్లు నొక్కితే రెండున్నర వేళ్లు లోపలికి దిగబడ్డాయి. కాన్పుల్లో పొట్ట కండరాలు రెండూ ఎడమై మళ్లీ దగ్గరకు రాలేదన్న మాట. తరువాత నిలబెట్టి, ముందుకు వంగమని, వేలాడే చర్మాన్ని పట్టి చూశారు. పేగుల చుట్టూ పేరుకున్న కొవ్వును ఏ కాస్మెటిక్ సర్జరీ కూడా తీయదని అప్పుడే చెప్పారు. డప్పులా గట్టిగా ఉండే మా వారి బానపొట్ట ఆ రకమే. దానికి ముఖ్యంగా తిండి తగ్గించాలి, నడవాలి.

లైపోసక్షన్‌లో చిన్న రంధ్రాల గుండా గొట్టం పెట్టి చర్మం కింది కొవ్వును లాగుతారు. చర్మానికి సాగి ముడుచుకునే గుణం ఉన్నవారికి అది చాలు. నా సంగతి అడిగితే, "సంచిలో బియ్యం తీసేసినంత మాత్రాన సంచి బిగుతు కాదమ్మా" అన్నారు. టమ్మీ టక్ అంటే వదులైన పొట్ట చర్మాన్ని కోసి తీసి బిగించే సర్జరీ. అందులో చిన్నదైన మినీ టమ్మీ టక్ బొడ్డు కింది భాగానికే పరిమితం, నా కండరాల ఎడం పైదాకా ఉంది. కాబట్టి మిగిలింది పూర్తి టమ్మీ టక్: ఒక తుంటి నుండి మరో తుంటి దాకా కోత, కండరాలను దగ్గరకు లాగి కుట్లు, మిగులు చర్మం తొలగింపు, బొడ్డుకు పై చర్మంలో కొత్త చోటు. పాత సిజేరియన్ మచ్చ ఆ తీసేసే చర్మంతోనే పోవచ్చు, కాని పొడవైన కొత్త మచ్చ జీవితాంతం ఉంటుంది. పూర్తి మత్తు, కోసిన చోట చర్మం కింద నీరు చేరడం, దాన్ని బయటికి తీసే డ్రెయిన్ గొట్టాలు, కాలి రక్తనాళాల్లో రక్తం గడ్డకట్టే ప్రమాదం, ఇవేవీ నేను అడిగాక చెప్పినవి కావు. ఇకపై కాన్పు ఆలోచన లేదు కదా అని రెండుసార్లు అడిగారు, గర్భం వస్తే చేసినదంతా మళ్లీ సాగిపోతుంది గనుక.

సుమారు ఆరు వారాలు బిందె గాని గ్యాస్ బండ గాని ఎత్తకూడదు, బిగుతైన బెల్టు వేసుకునే ఉండాలి. మన కోనసీమ ఉక్కపోతలో ఆ బెల్టుతో వేసవి గడపడం నా వల్ల కాదు కనుక, అత్తగారింట సంక్రాంతి పనులు తీరాకే ముహూర్తం పెట్టుకుంటానని చెప్పాను.

లోపమల్లా బిల్లు కౌంటరులో ఉంది. ప్యాకేజీ 1,60,000 రూపాయలని చెప్పారే గాని జీఎస్టీ మాట ఎత్తలేదు. మామూలు వైద్యానికి ఉండే మినహాయింపు కేవలం అందం కోసం చేసే సర్జరీకి వర్తించదు, 18 శాతం అంటే మరో 28,800. ఆరోగ్య బీమా కూడా దీనికి రాదు. రాత్రిపూట వార్డులో డాక్టరు ఎవరుంటారో, మత్తు ఇచ్చేవారు ఎవరో కూడా నేనే అడిగి రాయించుకున్నాను. సవరించిన అంచనా నాలుగు రోజులకు వాట్సాప్‌లో వచ్చింది. అందులో రక్తపరీక్షల ఖర్చు చేర్చారు, బెల్టు ధర మాత్రం ఇంకా లేదు. అది కూడా రాసి పంపితే గాని అడ్వాన్సు కట్టనని చెప్పాను.