మార్చిలో ట్రౌట్ వేట: తీర్థన్‌లో దిగాలా, బరోట్‌లోనా?

పాకాల, లక్నవరం గట్ల మీద కొర్రమట్టకు గాలం వేసి అలవాటైన చేతికి, చల్లటి కొండవాగుల్లో బతికే ట్రౌట్ చేప వేట మొదట్లో కుదరదు. ఇక్కడ ఎర వేసి కూర్చుంటే చేప వెతుక్కుంటూ వస్తుంది. మంచు కరిగిన నీళ్లలో చేప చోటు వదలదు, ఎరే దాని మూతి ముందుకు పోవాలి. హిమాచల్‌లో తీర్థన్ వాగులో దిగాలా, బరోట్ దగ్గర ఊహల్ నదిలోనా, దేనికి డబ్బు పెట్టాలి అన్నది కూడా దీన్నిబట్టే తేలుతుంది.

అక్కడ ట్రౌట్ గుడ్లు పెట్టే కాలం కనుక నవంబరు 1 నుంచి ఫిబ్రవరి చివరిదాకా వేట నిషేధం. మార్చి 1న తెరుస్తారు. మొదటి వారానికే పరుగెత్తవద్దు. అప్పటికి నీళ్లు 5, 6 డిగ్రీల దగ్గరే ఉంటాయి, చేప లోతు మడుగుల అడుగున పడి ఉంటుంది. మార్చి మూడో వారం నుంచి ఏప్రిల్ మొదటి పది రోజులదాకా మంచి అదను. ఆ తర్వాత ఎండ ముదిరితే మంచు కరిగి మధ్యాహ్నానికల్లా నీరు పెరిగి బూడిద రంగుకు తిరుగుతుంది.

రోజులోనూ అంతే. పొద్దున్నే లేచి వాగులో దిగితే కాళ్లు కొయ్యబారడం తప్ప ఒరిగేదేమీ లేదు. పదకొండు నుంచి మూడు దాకానే అసలు వేట. జేబులో చిన్న థర్మామీటర్ ఉంచుకోండి. నీళ్లు 7 డిగ్రీలు దాటితే చేప కదలడం మొదలుపెడుతుంది, 10 దాటితే రాళ్ల వెనక లోతు తక్కువ నీళ్లలోకి కూడా వస్తుంది.

వేట నాలుగు గంటలే కనుక బస వాగుకు నడిచిపోయేంత దగ్గర ఉండాలి. తీర్థన్ లోయలో అయితే, బంజార్ బజారులో గది తీసుకుంటే ఆ సమయంలో కొంత దారిలోనే పోతుంది. గుశైనీ, నాగినీ చుట్టుపక్కల వాగు ఒడ్డు హోంస్టేలే మేలు. ముందే మూడు విషయాలు అడగండి: కరెంటు పోతే వేడినీళ్లు ఎలా, మధ్యాహ్నం రొట్టెలు కట్టిస్తారా, తడి బూట్లు ఆరబెట్టే చోటు ఉందా. వరంగల్ ఎండలోంచి పోయేవాళ్లకు మూడోదే ఎక్కువ అవసరం పడుతుంది. నగదు వెంట ఉంచుకోవాలి.

కాజీపేటలో తెలంగాణ ఎక్స్‌ప్రెస్ ఎక్కి ఢిల్లీ చేరి, రాత్రి మనాలి బస్సు పట్టుకోవాలి. ఔట్ అనే ఊళ్లో దింపమని కండక్టరుకు ముందే చెప్పాలి. అక్కడి నుంచి బంజార్ మీదుగా గుశైనీ.

బరోట్ ఇంకా ఎత్తున ఉంది, చలీ ఎక్కువే. ఊహల్ నది అందమైనదే, కానీ కరెంటు ప్రాజెక్టు కోసం అక్కడ నీళ్లు నిలిపి మళ్లిస్తారు. అందుకే జలాశయానికి దిగువన కాకుండా ఎగువ పాయలోనే వేయాలి. మొదటిసారి పోయేవాళ్లకు తీర్థన్ అనే చెబుతాం.

గైడ్ ఖర్చు మొదటి రోజు తప్పనిసరి, మూడో రోజుకు అక్కర్లేదు. లైసెన్సు మాత్రం ప్రతిరోజుకూ ఉండాల్సిందే. అద్దెకిచ్చే సామాన్లలో రాడ్ పర్వాలేదు గాని లైన్ చాలాసార్లు పగుళ్లు పట్టి మునిగిపోతుంది, అది సొంతది తీసుకెళ్లండి. 9 అడుగుల 5 వెయిట్ (5వ నంబరు లైన్‌కు సరిపోయే) రాడ్, నీటిపై తేలే ఫ్లోటింగ్ లైన్, దాని చివర కట్టే సన్నదారం అంటే 9 అడుగుల లీడర్, చివర ఈగను కట్టే ఇంకా సన్నటి దారం, రెండడుగుల 5ఎక్స్ టిప్పెట్ చాలు. ముడి బిగించే ముందు ఉమ్మితో తడపాలి, పొడిగా లాగితే దారం వేడెక్కి అక్కడే తెగుతుంది.

ఈగలంటే గాలానికి పురుగులా కట్టిన కృత్రిమ ఎరలు. వాటిలో నీటి అడుగు పురుగును పోలిన పూస తల నింఫ్‌లు, 14, 16 సైజులవి, రెండు డజన్లు. బెండు నుంచి ఈగ దాకా దారం నీటి లోతుకు ఒకటిన్నర రెట్లు ఉండాలి. ప్రవాహానికి ఎదురుగా వేసి, ఈగ నీటితో సమానంగా కొట్టుకొచ్చేలా రాడ్ ఎత్తి పట్టాలి. దారం ముందుకు లాగితే ఈగ పైకి తేలిపోతుంది, చేప ముట్టదు. ఐదారుసార్లు వేసినా రాయి తగల్లేదంటే ఈగ అడుగుకు చేరడం లేదు, ఒక సీసపు గుండు కలపండి. రోజుకు నాలుగైదు ఈగలు రాళ్లకు పోయాయంటే సరిగ్గానే వేస్తున్నారన్నమాట. ఒక్కో మడుగులో పది పన్నెండుసార్లు వేసి, తర్వాత పైకి నడవాలి.

రాళ్లు గుండ్రంగా, పాచి పట్టి ఉంటాయి. మోకాలి లోతు దాటి దిగవద్దు.

తినడానికి ఫారంలో పెంచిన రెయిన్‌బో ట్రౌట్ దొరుకుతుంది, అదే వండించుకోండి. వాగులో పడిన బ్రౌన్ ట్రౌట్‌ను వదిలేయాలి. గాలం ముల్లు ముందే నొక్కేసి, చేతులు తడుపుకొని పట్టి, ప్రవాహానికి ఎదురు ముఖం పెట్టి, అది తనంతట తాను తోక కొట్టేదాకా ఆనించి ఉంచాలి.