ఎం.ఏ. హిస్టరీ: ఉస్మానియానా, హెచ్‌సీయూనా, ఢిల్లీనా?

మా పిన్ని కూతురు మహబూబ్‌నగర్‌లో డిగ్రీ చదువుతోంది. తెలుగు మీడియం. ఎం.ఏ. హిస్టరీ చేస్తానని పట్టుబట్టి కూర్చుంది. "బీఈడీ చేసుకోరాదూ" అని పిన్ని, "హిస్టరీ చదివి ఏం చేస్తావే" అని బాబాయి. నెలరోజుల తర్వాత ఆ గొడవ సద్దుమణిగింది. అప్పుడు నాకు ఫోన్ చేసింది. "అక్కా, ఉస్మానియానా, హెచ్‌సీయూనా, ఢిల్లీనా? ఒక్క మాట చెప్పు, అది పెట్టేస్తా."

ఒక్క మాటలో తేలేది కాదు. నేను హెచ్‌సీయూలో, అంటే గచ్చిబౌలిలోని హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో చదివాను కాబట్టి నా మాట కాస్త అటే మొగ్గుతుంది, ముందే చెప్పేస్తున్నా.

అన్నిటికన్నా ముందు క్యాలెండర్ చూడాలి. ఉస్మానియాకి వెళ్లాలంటే సీపీగెట్ అనే పీజీ ప్రవేశ పరీక్ష రాయాలి. తెలంగాణలోని ప్రధాన రాష్ట్ర యూనివర్సిటీలకి అదే పరీక్ష, నిర్వహించేది కూడా ఉస్మానియానే. వంద ప్రశ్నలు, గంటన్నర, తప్పు రాస్తే మార్కులు కోసేయరు. డిగ్రీ పరీక్షలు అయిపోయాక ఎండాకాలం దాటి జరుగుతుంది కాబట్టి తాపీగా చదువుకోవచ్చు. హెచ్‌సీయూ, ఢిల్లీలోని జేఎన్‌యూ (జవహర్‌లాల్ నెహ్రూ యూనివర్సిటీ), ఢిల్లీ యూనివర్సిటీ మూడూ సీయూఈటీ పీజీ అనే దేశవ్యాప్త ప్రవేశ పరీక్ష మీద తీసుకుంటాయి. ఈ మధ్య ఏళ్లలో అది మార్చిలో జరుగుతోంది. దరఖాస్తు డిసెంబర్‌లోనో జనవరి మొదట్లోనో మొదలై జనవరి, ఫిబ్రవరిల్లోనే మూసేస్తున్నారు. మన డిగ్రీ కాలేజీల్లో పిల్లలకి పీజీ ఊసు వచ్చేది ఏప్రిల్‌లో. అప్పటికి ఈ తలుపు మూసుకుపోయి ఉంటుంది. ఉస్మానియాలో చేరినవాళ్లలో చాలామంది దాన్ని కోరి ఎంచుకున్నవాళ్లు కాదు, రెండో ఫారం ఉందని తెలియనివాళ్లు.

సీయూఈటీలో 75 ప్రశ్నలు. ఒప్పుకి నాలుగు మార్కులు, తప్పుకి ఒకటి కోత. హిస్టరీ పేపర్ ఇంగ్లీషులోనో హిందీలోనో ఉంటుంది, తెలుగులో ఉండదు. మా చెల్లి ఇక్కడే జంకింది. నిజానికి ఆ ఇంగ్లీషుకి అంత భయపడక్కర్లేదు. ప్రశ్న అర్థమైతే చాలు, వాక్యం రాసే పని లేదు. అసలు కష్టం చేరాక మొదలవుతుంది, దాని సంగతి తర్వాత.

ఇంకో మెలిక ఉంది. సీయూఈటీ రాసినంత మాత్రాన సీటు నడిచి రాదు. ఫలితాలు వచ్చాక ఒక్కో యూనివర్సిటీ వెబ్‌సైట్‌లో మళ్లీ విడిగా రిజిస్టర్ చేసుకోవాలి. మా వీధిలో ఒకబ్బాయికి మంచి స్కోరు వచ్చింది. కౌన్సెలింగ్‌కి వాళ్లే పిలుస్తారని ఎంసెట్ లెక్కన ఇంట్లో కూర్చున్నాడు. ఎవరో చెబితే లేచి చూసేసరికి మూడు చోట్లా గడువు అయిపోయింది. ఆ ఏడాది వాడు ఖాళీ.

ఇక పాఠం. ఉస్మానియాలో ఆర్ట్స్ సబ్జెక్టులు తెలుగులో పరీక్ష రాసి పాసైనవాళ్లు నాకు తెలిసినవాళ్లలోనే నలుగురున్నారు. ఇది చిన్న సౌకర్యం కాదు. కానీ రాయడానికి తెలుగు ఉన్నంతగా చదవడానికి తెలుగు లేదు. 1918లో ఉస్మానియా పెట్టినప్పుడు ఉర్దూలో బోధించాలనుకున్నారు. అందుకు ముందే, 1917లోనే, దారుల్ తర్జుమా అని అనువాదాల శాఖ ఒకటి పెట్టి పుస్తకాలు తయారు చేయించారు. పుస్తకం ముందు, పాఠం తర్వాత. తెలుగుకి 1968లో తెలుగు అకాడమీ వచ్చింది, డిగ్రీ దాకా మనల్ని అదే మోసింది. ఎం.ఏ. స్థాయికి వచ్చేసరికి కొత్త పరిశోధన అంతా ఇంగ్లీషులోనే ఉంటుంది. అది చదవకుండా తెలుగు గైడు పట్టుకుని కూడా పరీక్ష గట్టెక్కొచ్చు. ఉస్మానియాలో ఉన్న ప్రమాదం అదే.

హెచ్‌సీయూలో ఆ దారి లేదు. వందలో 40 మార్కులు ఇంటర్నల్స్‌కే. టెస్టులు, ప్రెజెంటేషన్లు, టర్మ్ పేపర్లు సెమిస్టర్ పొడుగునా నడుస్తూనే ఉంటాయి. మొదటి సెమిస్టర్‌లో నేను కాకతీయుల చెరువుల మీద ఆరు పేజీలు రాసిచ్చాను. డిగ్రీ పుస్తకంలోని వాక్యాలనే ఇంగ్లీషులోకి తిప్పి రాసిందే అదంతా. నా ఇంగ్లీషు చూసి సార్ ఏమంటారో అని టెన్షన్ పడుతూ పేపర్ వెనక్కి తీసుకున్నాను. గ్రామర్ జోలికే పోలేదు ఆయన. "గణపతిదేవుడు పాకాల చెరువు తవ్వించాడు" అన్న వాక్యం పక్కన పెన్సిల్‌తో రెండే మాటలు రాశారు: "ఎలా తెలుసు?"

ఎలా తెలుసంటే, పుస్తకంలో ఉంది. అంతకు మించి నా దగ్గర జవాబు లేదు. లైబ్రరీకి వెళ్లి వరంగల్ జిల్లా శాసనాల సంపుటం తీశాను. తీయడానికే అరగంట పట్టింది, ఏ అరలో ఉంటుందో తెలియక. చూస్తే ఆ చెరువు కట్టించింది గణపతిదేవుడి కాలంలో జగదాల ముమ్మడి అనే ఆయన. రాజు ఏలుబడిలో జరిగిందాన్ని రాజే చేశాడని రాసేశాను. పక్క గదిలో ఉండే మలయాళీ అమ్మాయి ఆ రాత్రి నాకు ఫుట్‌నోట్ పెట్టడం నేర్పింది. డిగ్రీ మూడేళ్లలో ఆ మాటే వినలేదు నేను. సెమిస్టర్ చివరికి నా ఇంగ్లీషు పెద్దగా బాగుపడలేదు గానీ వాక్యం రాసే ముందు చేయి కాస్త ఆగడం మొదలైంది.

జేఎన్‌యూలో ఇదే పని రెండింతలు ఉంటుంది. అక్కడి చరిత్ర సెంటర్ని మొదలుపెట్టినవాళ్లలో రొమిలా థాపర్, బిపన్ చంద్ర, సర్వేపల్లి గోపాల్ ఉన్నారు. ఈ గోపాల్ గారు అంతకు ముందు వాల్తేరులో, ఆంధ్రా యూనివర్సిటీలో పాఠం చెప్పినవారే. అక్కడ ఎం.ఏ.లోనే ప్రాచీనమా, మధ్యయుగమా, ఆధునికమా తేల్చుకోవాలి. డిగ్రీలో అన్నీ పైపైన చదివొచ్చిన పిల్లకి అది తొందరే.

అయితే మా చెల్లితో ఎక్కువసేపు మాట్లాడింది దీని గురించి కాదు, కాగితాల గురించి. చరిత్ర విద్యార్థికి పాత కాగితం ఎక్కడుందో అదే అసలు లైబ్రరీ. తెలంగాణ రాష్ట్ర ఆర్కైవ్స్ తార్నాకలో ఉంది, ఉస్మానియాకి కూతవేటు దూరం. షాజహాన్, ఔరంగజేబు కాలపు దక్కన్ ఫర్మానాల నుంచి నిజాం ప్రభుత్వ ఫైళ్ల దాకా అక్కడే. 1891లో అసఫియా లైబ్రరీగా మొదలై ఇప్పుడు అఫ్జల్‌గంజ్‌లో ఉన్న స్టేట్ సెంట్రల్ లైబ్రరీ, సుల్తాన్‌బజార్‌లో 1901 నాటి శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం కూడా ఈ ఊళ్లోనే. పాలమూరు వలసల మీదో, నిజాం కాలపు కౌలు మీదో పని చేయాలనుకుంటే ఢిల్లీ వెళ్లి మళ్లీ కాగితాల కోసం ఇక్కడికే రావాలి. జాతీయోద్యమం, కాంగ్రెస్, వలస పాలన అయితే జన్‌పథ్‌లో నేషనల్ ఆర్కైవ్స్, తీన్‌మూర్తి లైబ్రరీ ఉన్న ఢిల్లీయే మేలు. ఈ ఒక్క లెక్కలో హెచ్‌సీయూ కంటే ఉస్మానియాకే మార్కులు ఎక్కువ. గచ్చిబౌలి నుంచి తార్నాకకి పోయి రావడమంటే ఒక పూట ఖర్చు రాసుకోవాల్సిందే. ఇంతా చేసి ఉస్మానియా లైబ్రరీలో పక్క కుర్చీలో కూర్చున్నవాళ్లు చాలామంది గ్రూప్స్‌కి చదువుతుంటారు. ఆ వాతావరణం కొందరికి ఊపునిస్తుంది, కొందరికి సబ్జెక్టు మీద ఉన్న ఇష్టాన్ని మింగేస్తుంది.

గ్రూప్సే లక్ష్యమైతే మాత్రం నేను ఆలోచించకుండా ఉస్మానియా అంటాను. గ్రూప్-1 మెయిన్స్ తెలుగులో రాయొచ్చు. రెండేళ్లు తెలుగులో పెద్ద జవాబులు రాసిన చేయి అక్కడ అక్కరకొస్తుంది. పీహెచ్‌డీ అయితే లెక్క వేరు. 2024 జూన్ నుంచి నెట్ (కాలేజీ లెక్చరర్లకి, పరిశోధకులకి పెట్టే జాతీయ అర్హత పరీక్ష) స్కోరుతోనే పీహెచ్‌డీ ప్రవేశాలకీ దారి తెరిచారు. అందులో జేఆర్‌ఎఫ్, అంటే పరిశోధన ఫెలోషిప్, వస్తే నెలకి 37,000 రూపాయలు, రెండేళ్ల తర్వాత 42,000. ఆ నెట్ కూడా ఇంగ్లీషు, హిందీల్లోనే ఉంటుంది. అంటే ఇంగ్లీషుని ఇవాళ తప్పించుకుంటే రెండేళ్ల తర్వాత ఎదురొస్తుంది.

ఉండడం, తినడం సంగతి క్లుప్తంగా చెప్తాను. ఢిల్లీ యూనివర్సిటీలో ఫీజు తక్కువే, హాస్టల్ దొరకడమే కష్టం. విజయ్‌నగర్‌లోనో ముఖర్జీనగర్‌లోనో గది తీసుకుంటే ఫీజు కన్నా అద్దె ఎక్కువ. అందుకే ఢిల్లీ వెళ్లేటట్టయితే జేఎన్‌యూకే వెళ్లమంటాను. అక్కడి హాస్టళ్లకి నదుల పేర్లు, అమ్మాయిలకి గోదావరి కూడా ఉంది. హెచ్‌సీయూ క్యాంపస్ పెద్దది, లోపల ఉంటే సైకిల్, షాప్‌కామ్‌లో చాయ్, బండల మీద సాయంత్రాలు. గేటు బయట గది మాత్రం చూడకు, అక్కడన్నీ సాఫ్ట్‌వేర్ జీతాల అద్దెలు. ఉస్మానియా నుంచి మహబూబ్‌నగర్‌కి శనివారం బయల్దేరి ఆదివారం రాత్రికి తిరిగి రావొచ్చు. మా పిన్నికి నచ్చిన పాయింట్ ఇదొక్కటే.

నా తీర్పు అడిగితే, హెచ్‌సీయూ మొదట పెట్టు, సీపీగెట్ కూడా రాసి ఉంచు, జేఎన్‌యూ వస్తే అప్పుడు మాట్లాడుకుందాం అన్నాను. అంతా విని అది అడిగింది, "మరి నా ఇంగ్లీషు, అక్కా?" అని. రోజుకి రెండు పేజీలు చదివి, చదివింది తెలుగులో ఐదు లైన్లు రాసుకోమన్నాను. నాకు పనికొచ్చింది అదే.

మొన్న మళ్లీ ఫోన్ చేసింది. ఫారం నింపేసిందట, ఫోటో సైజు ఎక్కువైందని రెండుసార్లు వెనక్కి కొట్టిందట. "మైగ్రేషన్ సర్టిఫికెట్ అంటే ఏంటక్కా, టీసీ ఉంటే చాలదా?" అంది. పాత యూనివర్సిటీ ఇచ్చే కాగితం అది, వేరే యూనివర్సిటీకి పోతే టీసీ ఒక్కటే చాలదని చెప్పాను. ఆఖరి మెమో చేతికి రాగానే అప్లై చేయమని, అన్నీ మూడేసి జిరాక్సులు తీయించమని బాబాయికి కూడా విడిగా చెప్పాను.