మధ్యాహ్నం మూడింటికి వెళ్లండి: విశ్వవిద్యాలయ కచేరీలపై పదకొండేళ్ల శ్రోత సమీక్ష

2014 డిసెంబరు నుంచి హైదరాబాద్‌లోని ఒక విశ్వవిద్యాలయం నడిపే కచేరీలకు వెళ్తున్నాను. నేను అక్కడ చదువుకోలేదు, అక్కడ ఉద్యోగమూ లేదు. ప్రభుత్వ కార్యాలయంలో లెక్కలు చూస్తాను. చిన్నప్పుడు వర్ణాల దాకా నేర్చుకుని, పెళ్లయ్యాక సంగీతం వదిలేశాను. మా వదిన కొడుకు అక్కడ ఎంఎస్సీలో చేరిన ఏడాది ఫోన్ చేసి "అత్తా, మా ఆడిటోరియంలో వీణ కచేరీ ఉంది, బయటివాళ్లు కూడా రావచ్చు, టికెట్ లేదు" అన్నాడు. వాడి చదువు అయిపోయి బెంగళూరు వెళ్లిపోయాడు. నేను మాత్రం వెళ్తూనే ఉన్నాను. కోవిడ్ కాలం తీసేస్తే ఏటా ఆరేడు కచేరీలు.

విశ్వవిద్యాలయం పేరు రాయడం లేదు. మంచితో పాటు ఇబ్బందులు కూడా చెప్పబోతున్నాను. నేను చూసినంతలో ఆ ఇబ్బందులు నగరంలో ఏ క్యాంపస్‌కి వెళ్లినా కొంచెం అటూ ఇటూగా ఉండేవే.

ముందుగా అసలు సంగతి. సాయంత్రం ఆరున్నరకు పెద్ద ఆడిటోరియంలో జరిగే కచేరీ కోసమే అందరూ వస్తారు. కానీ అదే రోజు మధ్యాహ్నం మూడింటికి అదే విద్వాంసులు సెమినార్ హాల్లో విద్యార్థుల కోసం గంటన్నర కూర్చుంటారు. అక్కడివాళ్లు దాన్ని లెక్‌డెమ్ అంటారు, మన పాత మాటలో సోదాహరణ ప్రసంగం. పోస్టర్‌లో అట్టడుగున చిన్న అక్షరాల్లో వేస్తారు. విద్యార్థులకు కదా, మనల్ని రానివ్వరేమో అని మొదటి రెండేళ్లు నేను దాని జోలికే పోలేదు. ఆ రెండేళ్లు పోగొట్టుకున్నందుకు ఇప్పటికీ బాధగా ఉంటుంది. ఎవరూ ఆపరు. వెనక వరసలో కూర్చుంటామని చెబితే సరిపోతుంది. ఆఫీసులో సగం రోజు సెలవు పెట్టయినా సరే దానికి వెళ్లమని నా సలహా.

ఎందుకో చెబుతాను. ఒకసారి ఒక మృదంగ విద్వాంసుడు వచ్చారు. హాజరు కోసం కూర్చోబెట్టిన మొదటి సంవత్సరం పిల్లలే ఎక్కువమంది. వాళ్లలో ఒక కుర్రాడు లేచి, "సార్, ఆ ఎడమవైపు అంటించింది ఏమిటి?" అని అడిగాడు. "బొంబాయి రవ్వ నాన్నా, మీ ఇంట్లో ఉప్మాకు వాడేదే" అన్నారాయన. అని ఊరుకోకుండా, ముద్దంతా గోటితో గీకేసి వాయించి చూపించారు. పలచగా, డొల్లగా మోగింది. మళ్లీ తడి రవ్వ కొద్దికొద్దిగా అద్దుతూ, ప్రతిసారీ ఒక దెబ్బ వేస్తూ వచ్చారు. బరువు పెరిగేకొద్దీ చర్మం నెమ్మదిగా కదులుతుంది, నాదం కిందికి దిగుతుంది. చివరికి గుమ్మని ఒక శబ్దం గది నేలలోకి దిగినట్టు వినిపించింది. కుడివైపు నల్లగా కనిపించే కరణ అనే పూత ఎప్పుడూ ఉండేదేననీ, ఎడమవైపు రవ్వ మాత్రం కచేరీ కచేరీకీ కొత్తగా పెట్టుకోవాలనీ, అది ఎండిపోతే శబ్దం మారిపోతుందనీ చెప్పారు. నేను చిన్నప్పటి నుంచి మృదంగం వింటున్నాను. ఆ రవ్వను లెక్కలేనన్నిసార్లు చూశాను. అడగాలని మాత్రం ఎన్నడూ తోచలేదు. ఆ సాయంత్రం కచేరీలో నా చెవి ఎడమచేతి మీదే ఉంది. పాట మధ్యలో ఆయన గిన్నెలోని నీళ్లలో వేలు ముంచి రవ్వ మీద తడి అద్దినప్పుడు, ముందు వరసలో కూర్చున్న ఆ కుర్రాడు పక్కవాడి మోచెయ్యి తట్టి చూపించాడు.

వీణ విషయం ఇంకా గట్టిగా చెప్పాలి. మైకు లేకుండా పది అడుగుల దూరంలో వీణ విన్న అనుభవం మనలో ఎంతమందికి ఉంది? పెద్ద హాల్లో మనం వినేది వీణకు తగిలించిన మైకు నుంచి వచ్చి, స్పీకర్లో పెరిగిన శబ్దం. తీగ మీటిన మొదటి క్షణం గట్టిగా వినిపిస్తుంది, దాని తోక తెగిపోతుంది. సెమినార్ హాల్లో ఫ్యాన్లు కూడా ఆపించి వాయించారొక వైణికురాలు. ఒక్కసారి మీటి, ఒకే మెట్టు మీద తీగను పక్కకి లాగుతూ మూడు స్వరాలు పలికించారు. ఆ మూడో స్వరం సన్నబడుతూ సన్నబడుతూ ఎక్కడ ఆగిందో చెప్పలేం. తాళం వేయడానికి పక్కన ఉండే తీగల గలగల, వేలు ఇత్తడి మెట్టు మీద జారే చప్పుడు కూడా వీణ నాదంలో భాగమేనని అప్పుడు తెలిసింది. ఇరవై నాలుగు మెట్లూ మైనంలో కూర్చి ఉంటాయి కాబట్టి ఎండాకాలం ప్రయాణాల్లో మైనం మెత్తబడి మెట్టు కదిలిపోతుందనీ, అందుకే వీణను కారు డిక్కీలో పెట్టనివ్వననీ చెప్పారావిడ. తన వీణ బొబ్బిలిదని, ఒకే పనస దుంగ నుంచి తొలిచిన ఏకాండి వీణ అని చెప్పి, పిల్లలను పిలిచి వీణ కుండ మీద చేతులు పెట్టి చూడనిచ్చారు. నేనూ లేచి వెళ్లి చేయి పెట్టాను. ఆవిడ మీటినప్పుడు కొయ్య అరచేతిలో వణికింది.

పరదేశపు సంగీతకారులు కూడా వస్తూంటారు. నగరంలో గోథే జెంట్రమ్, అలియాన్స్ ఫ్రాన్సైజ్ వంటి జర్మన్, ఫ్రెంచ్ సాంస్కృతిక కేంద్రాలు ఉండటం వల్ల ఇటు వచ్చే బృందాలు క్యాంపస్‌లకూ వస్తాయి. ఒక ఏడాది ఐరోపా నుంచి నలుగురు వచ్చారు: రెండు వయొలిన్లు, ఒక వియోలా, ఒక చెల్లో. ఆ మధ్యాహ్నం మన కర్ణాటక వయొలిన్ విద్వాంసుడు ఒకరిని వాళ్ల పక్కన కూర్చోబెట్టడం నిర్వాహకులు చేసిన గొప్ప పని. వాళ్లు వయొలిన్‌ను గడ్డం కింద పెట్టుకుని నిటారుగా వాయిస్తారు. మనవాళ్లు కింద కూర్చుని వయొలిన్ తలను కుడి పాదం మీద ఆనిస్తారు. అలా ఆనిస్తే ఎడమచేయికి బరువు మోసే పని ఉండదు, గమకం (స్వరాన్ని ఊపుతూ, జారుస్తూ పలికించడం) కోసం తీగ పొడవునా జారగలదు. వాళ్ల వయొలిన్ నాలుగు తీగలు జి, డి, ఎ, ఇ. మనం వాటినే స, ప, స, ప అని శ్రుతి చేసుకుంటాం. వాళ్లలో వయొలిన్ వాయించే ఒక అమ్మాయి మేజర్ స్కేల్ అనే వాళ్ల ఏడు స్వరాల వరస వాయించగానే ముందు వరసలో కూర్చున్న నలుగురు ఒకేసారి మన రాగం పేరు "శంకరాభరణం" అన్నారు. మన విద్వాంసుడు అవే ఏడు స్వరాలను గమకాలతో వాయించారు. ఆ అమ్మాయి రెండోసారి, మూడోసారి వాయించమని అడిగి, గాంధారం ('గ' స్వరం) దగ్గర ఆయన వేలు ఏం చేస్తోందో వంగి చూసింది. ముత్తుస్వామి దీక్షితుల తమ్ముడు బాలుస్వామి దీక్షితులు (1786–1858) ఈ వాద్యాన్ని మన సంగీతానికి తెచ్చుకున్న తీరు గురించి, 1919లో విజయనగరం సంగీత కళాశాలలో చేరిన ద్వారం వెంకటస్వామి నాయుడుగారి కమాను పనితనం గురించి మన విద్వాంసుడు చెబుతుంటే వాళ్లు నలుగురూ నోట్సు రాసుకున్నారు. సాయంత్రం వాళ్ల కచేరీ బాగానే జరిగింది. నాకు గుర్తున్నది మాత్రం ఆ గాంధారం.

ఒక జనవరిలో తెల్లవారి ఆరింటికి ఆరుబయట కచేరీ పెట్టారు. మళ్లీ ఎప్పుడూ పెట్టలేదు, పెట్టాలని నా కోరిక. మన దగ్గర కచేరీలన్నీ సాయంత్రాలే కావడంతో యమన్, పూరియా ధనశ్రీ వంటి సాయంత్రపు హిందుస్తానీ రాగాలు ఎన్నోసార్లు వింటాం. పొద్దుటి రాగాలు రికార్డుల్లోనే. ధార్వాడ్ నుంచి వచ్చిన హిందుస్తానీ గాయని లలిత్ రాగం ఎత్తుకున్నారు. 'మ' స్వరంలోని రెండు రకాలు, శుద్ధ మధ్యమం, తీవ్ర మధ్యమం రెండూ పక్కపక్కనే పలికే రాగం అది. ఇంకా చీకటి పూర్తిగా విడలేదు, బండరాళ్ల వెనక నుంచి నెమళ్లు అరుస్తున్నాయి. తర్వాత తోడి అని ప్రకటించారు. నా చెవికి అది మన కర్ణాటక రాగం శుభపంతువరాళిలా వినిపించి కంగారుపడ్డాను. కచేరీ అయ్యాక ఉండబట్టలేక వెళ్లి అడిగాను. "సరిగ్గానే విన్నారమ్మా, మా తోడి స్వరాలు మీకు శుభపంతువరాళి, మీ తోడి స్వరాలు మాకు భైరవి" అన్నారు. రాగాల పేర్లు ఒకటే అయినా స్వరాలు వేరన్న విషయం పుస్తకంలో చదివినప్పుడు ఎక్కలేదు. ఆ పొద్దున చలిలో శాలువా కప్పుకుని విన్నాక మర్చిపోలేదు.

ఇక సాయంత్రాల సంగతి. సంగీతానికి వంక పెట్టను. పదకొండేళ్లలో నేను నిరాశగా తిరిగొచ్చిన కచేరీలు నాలుగుకు మించవు. ఇబ్బందంతా సంగీతం చుట్టూ జరిగేవాటితోనే. ఆరున్నర అంటే ఏడుంపావు. ముఖ్య అతిథి వచ్చేదాకా మొదలవదు. వచ్చాక జ్యోతి ప్రజ్వలన, స్వాగతం, పరిచయం; ఈ మధ్య దాకా శాలువా, జ్ఞాపిక కూడా అప్పుడే. వీటిలో ఏదీ వద్దనను, కళాకారులను గౌరవించడం మన పద్ధతి. కచేరీ అయ్యాక చేయవచ్చు కదా అనిపించేది. గ్రీన్‌రూమ్‌లో గంట ముందు శ్రుతి చేసుకున్న వాద్యాలు ఆ ఏసీ గాలికి వేదిక మీద అరగంట ఉండేసరికి శ్రుతి తప్పుతాయి. వాళ్లు మళ్లీ బిరడలు తిప్పుకుంటూ కూర్చుంటే జనం కచేరీ ఇంకా మొదలవలేదేమని విసుక్కుంటారు.

నాకు ఇప్పటికీ మింగుడుపడనిది 2019లో జరిగింది. గాత్ర కచేరీ. ప్రధాన కృతి అప్పటికప్పుడు అల్లే కల్పన స్వరాలతో పతాక స్థాయికి వెళ్లింది, గాయకుడు తని ఆవర్తనానికి, అంటే తాళవాద్యాలు మాత్రమే వాయించే భాగానికి వదిలారు. మృదంగం, ఘటం కలిసి మొదలుపెట్టి ఐదు నిమిషాలు కూడా కాలేదు. హాలు తొమ్మిదికి ఖాళీ చేయాలని పక్క నుంచి ఒకాయన చీటీ పంపించారు. మృదంగ విద్వాంసుడు దాన్ని చూసి, గాయకుడి వైపు తల ఊపి, ఒక్క ముక్తాయింపు వేసి ముగించేశారు. ఆ పెద్దాయన రైల్లో రాత్రంతా ప్రయాణం చేసి వచ్చారు. కచేరీ మొత్తంలో ఆయనకంటూ ఉన్నది ఆ పదిహేను నిమిషాలే. మొదట్లో ప్రసంగాలకు పోయిన నలభై నిమిషాల్లో సగం తగ్గించి ఉంటే సరిపోయేది. ఆ తర్వాత నిర్వాహకులకు ఉత్తరం రాశాను. జవాబు రాలేదు. అయితే ఈ మధ్య సన్మానాలు చివరికి మార్చారు, దానికి నా ఉత్తరమే కారణమో కాదో గానీ నాకు చాలా సంతోషం వేసింది.

శబ్దం గురించి ఒక మాట. సౌండ్ చూసే కుర్రాళ్లు ఎక్కువగా ఫంక్షన్లకు, సినిమా పాటల ప్రోగ్రాములకు అలవాటు పడినవాళ్లు. మృదంగాన్ని డ్రమ్స్‌లా పెంచేస్తారు, తంబురా అసలు వినబడదు. స్పీకర్ల ఎదురుగా ఉండే పక్క వరసలు వదిలేసి, మధ్యలో ఐదారు వరసల వెనక కూర్చుంటే కొంత నయం.

పాడబోయే కృతి, రాగం, తాళం ప్రకటించకపోవడం ఇంకో లోటు. ప్రకటించినా ఇంగ్లీషులోనే. హాల్లో సగానికి పైగా తెలుగు పిల్లలు, పాడేవి చాలా వరకు తెలుగు కృతులు. ఒక కాగితం మీద సాహిత్యం అచ్చువేసి ఇస్తే ఆ పిల్లలు ఫోన్లు పక్కన పెడతారని నా నమ్మకం, ఎందుకంటే మధ్యాహ్నం సెషన్‌లో పక్కన పెట్టడం చూశాను.

2020 మార్చి తర్వాత రెండేళ్లు ఏమీ లేవు. ఆన్‌లైన్‌లో కొన్ని పెట్టారు, ఫోన్లో విన్నాను. వాటి గురించి చెప్పడానికి ఎక్కువ లేదు.

నగరంలో ఇంకెక్కడైనా వినవచ్చు కదా అంటే, వినవచ్చు, వింటున్నాను కూడా. 1961 నుంచి ఉన్న రవీంద్రభారతి ఉంది, చిక్కడపల్లిలో త్యాగరాయ గానసభ ఉంది, బంజారాహిల్స్‌లో లామకాన్ ఉంది. హిందుస్తానీ గాయకుడు పండిత్ జస్‌రాజ్ తండ్రి మోతీరామ్ 1934లో హైదరాబాద్‌లోనే కన్నుమూశారు, ఆయన పేరుతో జస్‌రాజ్ మొదలుపెట్టిన సంగీతోత్సవం, సమారోహ్‌లో గొప్పవాళ్లను విన్నాను. వాటిల్లో దొరకనిది ఆ మధ్యాహ్నం గంటన్నర. 1977లో కిరణ్ సేఠ్ ఢిల్లీ ఐఐటీలో మొదలుపెట్టిన స్పిక్ మెకే అనే సంస్థ, కళాకారులను చదువుకునే పిల్లల దగ్గరికే తీసుకెళ్లాలన్న పద్ధతిని దేశమంతా అలవాటు చేసింది. ఈ విశ్వవిద్యాలయం దాన్ని తన కచేరీలన్నిటికీ పాటించడం దాని గొప్పతనం.

వెళ్లాలనుకునేవాళ్లకు: తేదీలు నాలుగైదు రోజుల ముందు మాత్రమే బయటికి వస్తాయి, కాబట్టి నవంబరు నుంచి మార్చి దాకా కాస్త కనిపెట్టి ఉండాలి. గేటు దగ్గర ఆధార్ చూపించి పేరు రాయాలి. గేటు నుంచి హాలు దూరం, లోపల ఆటో దొరకదు, ఇరవై నిమిషాలు నడవాలి. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లను తీసుకెళ్తే సొంత బండి ఉండాలి. ఏసీ చలి ఎక్కువ, శాలువా తీసుకెళ్లండి. మధ్యాహ్నం సెషన్‌కీ సాయంత్రానికీ మధ్య రెండు గంటల ఖాళీ ఉంటుంది, క్యాంటీన్‌లో ఇడ్లీ, టీ దొరుకుతాయి. తిరుగు ప్రయాణం టెన్షన్ నాకు మొదటి నుంచీ ఉంది. తొమ్మిదిన్నర దాటితే ఆ వైపు బస్సులు పలచబడతాయి. 2023 డిసెంబరు నుంచి ఆడవాళ్లకు ఆర్టీసీలో ఉచితం కాబట్టి ఖర్చు లేదు గానీ, బస్సు రావాలి కదా. మా ఆయన స్కూటర్ మీద మెట్రో స్టేషన్ దాకా ఎదురొస్తారు.

తని ఆవర్తనం మొదలవగానే బయటికి నడవకండి. మిగతా వసతుల గురించి ఎంతైనా సర్దుకుంటాను, అదొక్కటి మాత్రం చూసినప్పుడల్లా నొచ్చుకుంటాను.

ఈ సీజన్‌లో సారంగి అనే కమాను వాద్యం వాయించే ఒక విద్వాంసుడు వస్తున్నారని విన్నాను. పేగుతో చేసే గట్‌తీగలను వేలి కొసలతో నొక్కకుండా గోటి మొదట్లోని చర్మంతో పక్క నుంచి ఒత్తి వాయిస్తారని చదివాను, కళ్లారా చూడలేదు. మధ్యాహ్నం మూడింటికి ఉంటాను.