మహ్దీ కట్టిన ఊళ్లో రెండు రాత్రులు

ట్యునీషియా వెళ్లిన మనవాళ్లు చాలామంది సూస్ బీచ్, సిదీ బూ సయీద్ నీలం తలుపులు చూసి తిరిగి వచ్చేస్తారు. నేను వెళ్లింది మహ్దియా అనే సముద్రతీరపు ఊరి కోసం. చిన్నప్పుడు మా ఇల్లు హైదరాబాద్ చంచల్‌గూడకి దగ్గర. స్కూల్లో నా బెంచీ స్నేహితుడు మహదవీ. "అందరూ మహ్దీ వస్తాడని చూస్తున్నారు, మా ఇమామ్ వచ్చి వెళ్లిపోయారురా" అన్నాడొకసారి. 1505లో కన్నుమూసిన సయ్యద్ ముహమ్మద్ జౌన్‌పురీ గురించి వాడు చెప్పింది. లోకం ముగిసేముందు వచ్చి న్యాయం నిలబెడతాడని ముస్లింలలో చాలామంది నమ్మే మనిషి మహ్దీ. కాలజ్ఞానం వింటూ పెరిగిన నాకు ఆ ఎదురుచూపు కొత్తేమీ కాదు. కానీ "ఆ వచ్చేవాణ్ని నేనే" అని చెప్పి నిజంగానే గద్దె ఎక్కినవాడు ఆ తర్వాత ఏం చేశాడు? అది చూడాలనే వెళ్లాను.

ముందు కైరవాన్. ట్యూనిస్ నుంచి లువాజ్‌లో వెళ్లాం. ఇది మన షేర్ ఆటో పద్ధతే: ఎనిమిది మంది నిండితే కదులుతుంది, రేటు ఫిక్స్‌డ్, బేరం ఉండదు. ఎర్ర చారల బండ్లు దూరం ఊళ్లకి, నీలం చారలవి దగ్గర ఊళ్లకి. నాకు బాగా నచ్చిన సర్వీసు ఇదే. బస మాత్రం దెబ్బకొట్టింది. ఫొటోలు చూసి బుక్ చేసిన హోటల్లో రెండు రోజులూ వేడినీళ్లు రాలేదు. అడిగిన ప్రతిసారీ "సాయంత్రం వస్తాయి" అన్నారు. డిసెంబర్ చలిలో మా అమ్మ చన్నీళ్లు పోసుకోవాల్సి వచ్చింది, దానికి నాకు ఇప్పటికీ బాధే. కైరవాన్‌ని సూస్ నుంచి ఒక్క రోజులో చూసి వచ్చేయండి. పెద్ద మసీదులో ముస్లిమేతరులకి ప్రాంగణం వరకే ప్రవేశం, అదీ మధ్యాహ్నంలోపే. పొద్దున్నే వెళ్లాలి.

ఊరి బయట రక్కాదా ఉంది. 910 జనవరిలో అబ్దల్లా అనే ఆయన్ని అక్కడ ఖలీఫాగా ప్రకటించారు, బిరుదు అల్ మహ్దీ. ఆయన సిరియాలోని సలామియా నుంచి వచ్చినవాడు. గద్దె సంపాదించి పెట్టింది మాత్రం అబూ అబ్దల్లా అల్ షీయీ అనే ప్రచారకుడు. కొండల్లో కుతామా తెగవాళ్ల మధ్య ఏళ్ల తరబడి తిరిగి, మహ్దీ వస్తున్నాడని నమ్మించి, వాళ్లతోనే సైన్యం కట్టాడు. సూర్యుడు పడమట ఉదయిస్తాడన్న పాత జోస్యానికి అర్థం మహ్దీ మగ్రిబ్‌లో, అంటే పడమటి ఉత్తర ఆఫ్రికాలో, కనిపించడమేనని ఫాతిమీల (ఈయన వంశంవాళ్ల) ప్రచారం. మహ్దీకి ప్రవక్త పేరే ఉంటుందని ఇంకో నమ్మకం. ఈయన పేరు అబ్దల్లా కాబట్టి కొడుకు ముహమ్మద్ ఇబ్న్ అబ్దల్లా (అబ్దల్లా కొడుకు ముహమ్మద్) అయ్యాడు, అచ్చం ప్రవక్త పేరు. ఆ కొడుక్కి ఇచ్చిన బిరుదు అల్ ఖాయిం, అదీ అంతిమకాలపు పేరే. మరి ఆ ప్రచారకుడి సంగతి? 911లో మహ్దీయే చంపించాడు. ఈయన నిజంగా మహ్దీయేనా అని కుతామాల్లో గుసగుసలు మొదలయ్యాయి, అలా అనుమానించినవాళ్లలో ఆ ప్రచారకుడు కూడా ఉన్నాడు. ఇది చదివినప్పటి నుంచి నాకు ఆ మనిషి మీదే జాలి.

సూస్ నుంచి మహ్దియాకి సాహెల్ మెట్రో రైలు. నెమ్మదిగా వెళ్తుంది, సీటు దొరకడం కష్టం, కానీ కిటికీ నిండా ఆలివ్ తోటలు. మెదీనాలో, అంటే పాత ఊళ్లో, ఒక పాత ఇంటి గెస్ట్ హౌస్‌లో దిగాం. గదులు చిన్నవి, మెట్లు నిటారు, పెద్దవాళ్లకి ఇబ్బందే. ఆ ఇంటావిడ మాత్రం మా అమ్మ శాకాహారి అని తెలిసి పొద్దున్నే మెష్వియా చేసిపెట్టింది. మిరపకాయలు, టమాటాలు నిప్పుల మీద కాల్చి దంచిన పచ్చడి అది. మా అమ్మ ఒక్క ముద్ద తిని "జీలకర్ర తగ్గింది" అంది, ఆ తర్వాత రెండుసార్లు వేయించుకుంది. బయట హోటల్లో అడిగితే దాని మీద టూనా చేప పెట్టిస్తారు. "సాన్ తోన్" (టూనా వద్దు) అని ముందే చెప్పండి.

ఊళ్లోకి దారి స్కీఫా అల్ కహ్లా, అంటే చీకటి నడవా. మందపాటి గోడ కింద గుహలా సాగుతుంది. మధ్యాహ్నం ఎండలో వచ్చి లోపల అడుగుపెడితే కాసేపు ఏమీ కనబడలేదు. గోడకి చెయ్యి ఆనించి నడిచాను, రాయి చల్లగా, కాస్త జిడ్డుగా తగిలింది. 1554లో స్పానిష్ వాళ్లు ఊరు వదిలివెళ్తూ కోట పేల్చేశారు, ఇప్పుడున్నది తర్వాత కట్టింది. అయినా ప్లాన్ అర్థమవుతుంది. సముద్రంలోకి చొచ్చుకుపోయిన సన్నటి నేల, దాని మెడ దగ్గర గోడ. 916 ప్రాంతంలో మొదలుపెట్టి 921లో మహ్దీ ఇక్కడికి మకాం మార్చాడు. లోకమంతా న్యాయంతో నింపుతానన్న ఆయన తన సొంత జనానికే భయపడి ఇంత గట్టి గోడ కట్టుకున్నాడు. అక్కడ నిలబడితే నాకు తోచింది ఇదే.

ఆ భయం వట్టిది కాదు. 944లో గాడిద మీద తిరిగే అబూ యజీద్ అనే మతబోధకుడు తిరుగుబాటు లేవదీశాడు. కైరవాన్‌లోని మాలికీ (సున్నీల్లో ఒక సంప్రదాయం) పండితులు కూడా మొదట్లో అతని వైపే నిలిచారు. 945లో మహ్దియాని ముట్టడించాడు. ఫాతిమీలు అతన్ని దజ్జాల్ అన్నారు, అంటే చివరి రోజుల్లో వచ్చే మోసగాడు. వాళ్ల మహ్దీ వచ్చాడు కాబట్టి దజ్జాల్ కూడా రావాలి కదా. ముట్టడి అప్పుడు గద్దె మీద ఉన్న అల్ ఖాయిం 946లో చనిపోతే, అబూ యజీద్‌ని ఓడించేదాకా, అంటే 947 వరకు, కొడుకు అల్ మన్సూర్ ఆ చావు బయటపెట్టలేదు.

మహ్దియా పెద్ద మసీదు 1960లలో మళ్లీ కట్టారు కాబట్టి రాళ్లు కొత్తగా కనిపిస్తాయి, కొంతమందికి నిరాశ కలగొచ్చు. ముఖద్వారం మాత్రం చూసి తీరాలి. రోమన్ విజయతోరణంలా ఉంటుంది, మసీదుకి మినార్ లేదు. ఎల్ జెమ్ రోమన్ యాంఫీథియేటర్ దగ్గరే, సగం రోజు చాలు.

సాయంత్రాలు రెండూ ప్లాస్ దు కైర్ అనే కూడలిలో టీ తాగాం. కైర్ అంటే కైరో. 969లో ఫాతిమీలు ఈజిప్టుని గెలిచి కైరో కట్టుకున్నారు, కొన్నేళ్లకి అక్కడికే వెళ్లిపోయారు. తర్వాత 1148లో సిసిలీ నార్మన్లు ఈ ఊరు పట్టుకుంటే 1160లో విడిపించింది అల్మొహద్ వంశపు రాజు అబ్దుల్ ముమిన్. ఆయన గురువు ఇబ్న్ తూమర్త్ కూడా తాను మహ్దీనని చెప్పుకున్నవాడే.

చివరి పొద్దున కేప్ వైపు నడిచాం. తెల్లటి సమాధులు సముద్రం దాకా దిగుతాయి. పక్కనే రాతిని తొలిచి చేసిన ఫాతిమీ రేవు, దాని నోరు ఇప్పటికీ తెరిచే ఉంది. ఒకతను గట్టు మీద కూర్చుని వల చిక్కులు విప్పుతున్నాడు. మా అమ్మ అతని పక్కన ఆగి చాలాసేపు అలాగే చూస్తూ ఉండిపోయింది, రైలుకి టైమైందని నేనే పిలవాల్సి వచ్చింది.