సింగపూర్‌లో మూడు రోజులు: పొద్దున అడవి, దారిలోనే హలాల్ భోజనం

సింగపూర్ వెళ్లేవాళ్లు ముందుగా అడిగేది అక్కడ హలాల్ భోజనం దొరుకుతుందా అని. దొరుకుతుంది, కావలసినంత. అడగాల్సిన ప్రశ్న ఇంకోటుంది: అడవిలో నాలుగు గంటలు నడిచి, చెమటతో తడిసి బయటికొచ్చాక నడక దూరంలో తినడానికి ఏముంది? ఊరి మధ్యలో ఎక్కడున్నా చిక్కు లేదు. అడవి అంచునే ఇబ్బంది పడతారు. కాబట్టి ముందు తినే చోటు చూసుకుని, దాన్ని బట్టి నడక వేసుకోవాలి.

బస బుగిస్ అనే పేటలో తీసుకోండి. కారణం మెట్రో పటంలోనే ఉంది. బుగిస్ స్టేషన్లో రెండు లైన్లు కలుస్తాయి. డౌన్‌టౌన్ లైన్ ఎక్కితే అయిదో స్టేషన్ బొటానిక్ గార్డెన్స్, అదే లైన్లో ఎదురువైపు ఎక్కితే రెండో స్టేషన్ బేఫ్రంట్, గార్డెన్స్ బై ద బే తోటకి దిగేది అక్కడే. ఈస్ట్ వెస్ట్ లైన్ ఎక్కితే ఎనిమిదో స్టేషన్ తనా మెరా, పులావ్ ఉబిన్ ద్వీపానికి దారి అదే. పైగా సుల్తాన్ మసీదు, దాని చుట్టూ ఉన్న పాత మలయ్ ముస్లిం పేట కాంపాంగ్ గ్లామ్ వీధులు నడిచే దూరంలో ఉంటాయి. రాత్రి అలసిపోయి వచ్చినా భోజనానికి మళ్లీ రైలెక్కే పని లేదు.

లిటిల్ ఇండియా రెండో మాట. గదులు కొంచెం చవకగా దొరకొచ్చు. సెరంగూన్ రోడ్డు మీద అంగూలియా మసీదు, డన్‌లప్ వీధిలో అబ్దుల్ గఫూర్ మసీదు ఉన్నాయి. జట్టులో శాకాహారులుంటే వాళ్లకీ ఇదే సుఖం. కానీ ఆదివారం సాయంత్రం ఆ వీధుల్లో జనం కిక్కిరిసిపోతారు, నిద్ర తేలిగ్గా పట్టనివాళ్లు ఆలోచించుకోవాలి. ఎక్కడ తీసుకున్నా గదికి కిటికీ ఉందో లేదో చూడండి. చవక గదులు చాలావాటికి ఉండదు. నిద్రకేం ఫరవాలేదు గానీ, వానలో తడిసిన బూట్లు అలాంటి గదిలో తెల్లారేసరికి ఆరవు. హోటల్ టిఫిను కలిపిన ధర తీసుకునే ముందు ఆ వంటింటికి హలాల్ ధ్రువపత్రం ఉందా అని రాసి అడగండి. లేకపోతే గది మాత్రమే తీసుకోండి. పొద్దున్నే బయట రోటీ ప్రాటా (మన పరోటా లాంటిది), టీ తారిక్ (నురగ తేలిన పాల టీ) దొరుకుతుంటే లోపల గుడ్లు, ఉడికిన బీన్సు ఎవరికి కావాలి?

ఇక రోజుల లెక్క. హైదరాబాద్ నుంచి, విశాఖ నుంచి ప్రయాణం నాలుగు గంటల పైచిలుకు. అక్కడి గడియారం మనకంటే రెండున్నర గంటలు ముందు. ఏడాది పొడుగునా సూర్యోదయం ఏడు గంటల ప్రాంతంలోనే, అంటే మన ఒంటికి అది నాలుగున్నర. రాత్రి విమానంలో వచ్చి ఆ పొద్దుటే కొండెక్కాలనుకుంటే మధ్యాహ్నానికి కాళ్లు పని చెయ్యవు.

అందుకే మొదటిరోజు బొటానిక్ గార్డెన్స్. గదులు మధ్యాహ్నం రెండు, మూడింటికి గానీ ఇవ్వరు. సామాను హోటల్లో అప్పజెప్పి నేరుగా వెళ్లిపోవచ్చు. తోట పొద్దున 5 నుంచి అర్ధరాత్రి దాకా తెరిచే ఉంటుంది, ప్రవేశం ఉచితం. 1859లో మొదలైన ఈ తోటకి 2015లో యునెస్కో గుర్తింపు వచ్చింది. లోపల ఆర్కిడ్ తోటకి మాత్రం పర్యాటకులకి 15 సింగపూర్ డాలర్ల టికెట్టు. పూలంటే పిచ్చి ఉన్నవాళ్లే కొనండి. మిగతావాళ్లకి తోటలోనే మిగిలిన ఆరు హెక్టార్ల పాత వర్షారణ్యం చాలు. నేల చదును, పిల్లలూ పెద్దలూ నడవగలరు. ఆకలేస్తే బుకిత్ తిమా ద్వారం వైపు బయటికొచ్చి పావుగంట నడిస్తే ఆడమ్ రోడ్ ఫుడ్ సెంటర్. అక్కడి మలయ్ దుకాణాల్లో నాసి లెమాక్ తినాలి: కొబ్బరిపాలలో వండిన అన్నం, వేయించిన చిన్న చేపలు, పల్లీలు, గుడ్డు, కోడి ముక్క, పక్కన సంబల్ అనే మిరప పచ్చడి. సంబల్ ఎర్రగా ఊరిస్తుంది గానీ నాలిక్కి తీపి తగులుతుంది. గుంటూరు కారం అనుకుని కలుపుకుంటే ఉసూరుమంటారు.

రెండోరోజు మాక్‌రిచీ అడవి. సోమవారం మాత్రం పెట్టుకోకండి. అందరూ చూడాలనుకునే ట్రీటాప్ వాక్, అంటే చెట్ల కొనల మీదుగా వేసిన 250 మీటర్ల వేలాడే వంతెన, సోమవారాలు మూసేస్తారు. మిగతా రోజుల్లో తొమ్మిదింటికి, శని ఆదివారాల్లో ఎనిమిదిన్నరకి తెరిచి అయిదింటికి మూస్తారు. ఒకవైపే నడవనిస్తారు, మధ్యలో వెనక్కి తిరగడం కుదరదు. వాన పడినా, పిడుగుల హెచ్చరిక వచ్చినా అప్పటికప్పుడు మూసేస్తారు. మరమ్మతులకీ మూసే అవకాశం ఉంది కాబట్టి ముందురోజు రాత్రి అక్కడి పార్కుల శాఖ ఎన్‌పార్క్స్ వెబ్‌సైటు చూసుకోండి. అయిదు కిలోమీటర్లు నడిచి గొలుసు వేసిన గేటు చూసి రావడం కంటే అది నయం.

అడవి అంచున ఉన్న మాక్‌రిచీ జలాశయం దగ్గర్నుంచి బయల్దేరి చుట్టూ తిరిగి రావడమంటే పది పదకొండు కిలోమీటర్లు. దారిలో వేర్లు, మెట్లు, ఎగుడుదిగుళ్లు. నాలుగు గంటలు వేసుకోవాలి. అడవికి ఇంకో వైపున్న వీనస్ డ్రైవ్ రోడ్డు నుంచి వెళ్తే దూరం బాగా తగ్గుతుంది. మనిషికి లీటరున్నర నీళ్లు ఉండాలి. కుళాయి నీళ్లే తాగొచ్చు, సీసాలు కొనక్కర్లేదు. తిండి మాత్రం ప్లాస్టిక్ సంచీలో పట్టుకెళ్లకండి. ఆ చప్పుడు వింటే చాలు, కోతులు చేతిలోంచి లాక్కుపోతాయి. జాలిపడి అరటిపండు ఇచ్చినా నేరమే, మొదటిసారికే 5,000 డాలర్ల దాకా జరిమానా వెయ్యొచ్చు. నడక వీనస్ డ్రైవ్ వైపు ముగించుకుంటే అప్పర్ థామ్సన్ రోడ్డులో ప్రాటా దుకాణాలు తగులుతాయి. మళ్లీ రైలు కూడా అక్కడే.

మధ్యాహ్నం వానలకి కేటాయించి పడుకోండి. సాయంత్రానికి సదరన్ రిడ్జెస్ అనే కొండల మీది నడకదారి, గార్డెన్స్ బై ద బే రెండింట్లో ఒకటి. మా ఓటు మొదటిదానికే. హార్బర్‌ఫ్రంట్ స్టేషన్లో దిగి మౌంట్ ఫేబర్ కొండ ఎక్కితే హెండర్సన్ వేవ్స్ వంతెన వస్తుంది. రోడ్డుకి 36 మీటర్ల ఎత్తున, అలల్లా వంపులు తిరిగిన చెక్క వంతెన అది. కిందికి దిగాక స్టేషన్ పక్కనే సియా ఇమ్ ఫుడ్ సెంటర్లో మలయ్ భోజనం. గార్డెన్స్ బై ద బేలో సూపర్‌ట్రీలనే ఎత్తైన కృత్రిమ చెట్ల దీపాల ప్రదర్శన రాత్రి 7:45కి, 8:45కి, అదీ ఉచితంగానే. గాజు గుమ్మటాల టికెట్టు మాత్రం ఖరీదు. మిగతా రెండు పొద్దుల్లో అసలైన అడవే చూస్తారు కాబట్టి దాన్ని వదిలేసినా పోయేదేం లేదు.

మూడోరోజు ఉబిన్. తనా మెరాలో దిగి 2వ నంబరు బస్సెక్కితే చివరి స్టాపు చాంగి విలేజ్. అక్కడి హాకర్ సెంటర్లోనే, అంటే చిన్న చిన్న తిండి దుకాణాలన్నీ ఒకే కప్పు కింద ఉండే చోటే, కడుపు నింపుకోండి. ద్వీపంలో ఉన్న కొద్దిపాటి తిండి దుకాణాల మీద, అందులోనూ హలాల్ మీద ఆశ పెట్టుకోవద్దు. మధ్యాహ్నానికి పొట్లం కట్టించుకుని గట్టి డబ్బాలో పెట్టుకోండి. ఉబిన్‌లో అడవిపందులు మనుషులకి అలవాటుపడిపోయి సంచీల దగ్గరికే వస్తాయి.

పడవకి మనిషికి 4 డాలర్లు, నగదే ఇవ్వాలి. పన్నెండు మంది పోగయ్యాకే కదులుతుంది. మామూలు రోజుల్లో ఎదురుచూపు తప్పదు. తొందరుంటే ఉన్నవాళ్లే మిగతా సీట్ల డబ్బు పంచుకుంటారు. ప్రయాణం పది పదిహేను నిమిషాలు. ద్వీపంలో ఏటీఎం లేదు, సైకిలు అద్దెకీ చిల్లర ఉండాలి. సైకిలు తీసుకునే ముందు రెండు బ్రేకులూ నొక్కి చూడండి, సీటు ఎత్తు సరిచేయించుకోండి. ద్వీపంలోని చిత్తడి తీరం చెక్ జావా వెళ్లే దారిలో గులకరాళ్ల పల్లాలున్నాయి, జనం జారిపడేది అక్కడే.

చెక్ జావా పొద్దున ఎనిమిదిన్నర నుంచి సాయంత్రం ఆరు దాకా. సైకిలు గేటు దగ్గర వదిలి చెక్క వంతెన మీద నడవాలి. ఇక్కడ గడియారం కంటే ఆటుపోట్ల పట్టిక ముఖ్యం. నీరు బాగా తీసినప్పుడు వెళ్తే బురదలో పీతలు కాళ్లెత్తి సైగలు చేస్తుంటాయి, సముద్రగడ్డి బయటపడుతుంది. పోటు మీద వెళ్తే కనిపించేది మామూలు సముద్రమే. తిరుగు దారిలో పాయా లెబార్‌లో దిగితే గేలాంగ్ సెరాయ్ మార్కెట్, పై అంతస్తులో మలయ్ వంటలు. రైలు అదే లైను కాబట్టి దారి తప్పేది లేదు.

హలాల్ విషయంలో పొరపాటు జరిగేది ఒక్కచోటే. ‘నో పోర్క్, నో లార్డ్’ అన్న బోర్డు హలాల్ బోర్డు కాదు. పంది మాంసం, పంది కొవ్వు లేవని మాత్రమే దాని అర్థం. కోడి జబీహా, అంటే ఇస్లామ్ పద్ధతిలో కోసింది, కాకపోవచ్చు, సాస్‌లో వంట సారా ఉండొచ్చు. చూడాల్సింది సింగపూర్ ఇస్లామిక్ మండలి మూయిస్ ఇచ్చే ధ్రువపత్రం. అది బ్రాండు మొత్తానికి కాక ఒక్కో దుకాణానికి విడిగా ఇస్తారు కాబట్టి గోడ మీది కాగితంలో చిరునామా, గడువు తేదీ చదవండి. ముస్లిం యజమాని నడుపుతూ ధ్రువపత్రం తీసుకోని దుకాణాలూ ఉంటాయి, అక్కడ నిర్ణయం మీదే. హాకర్ సెంటర్లో ట్రేలు తిరిగి పెట్టడం తప్పనిసరి. హలాల్ ట్రేల అరలు వేరేగా ఉంటాయి, బోర్డు చూసి పెట్టండి. శుక్రవారం జుమా నమాజు వేళ కొన్ని దుకాణాలు కాసేపు మూస్తారు. రంజాన్‌లో పగలు కొన్ని దుకాణాలు మూసే ఉండొచ్చు, సాయంత్రం గేలాంగ్ సెరాయ్ వైపు సందడే సందడి.

కాగితాల సంగతి. భారత పాస్‌పోర్టుకి వీసా ముందే కావాలి, ఏజెంటు ద్వారా. ఎస్‌జీ అరైవల్ కార్డు అనే ప్రవేశ ఫారం దిగే ముందు మూడు రోజుల్లోపు ఆన్‌లైన్‌లో నింపాలి, అది ఉచితం. డబ్బు అడిగిన వెబ్‌సైటు ఏదైనా దొంగదే. రైలుకీ బస్సుకీ మన బ్యాంకు వీసా, మాస్టర్ కార్డులు తాకిస్తే సరిపోతుంది, వాడిన రోజుకి కొంచెం అదనపు రుసుము పడుతుంది. పెట్టెలో ఆవకాయ పెట్టుకోండి గానీ గోంగూర మటన్ పచ్చడి ఇంట్లోనే వదిలేయండి. అనుమతి ఉన్న దేశాల నుంచి తప్ప మాంసం ఏ రూపంలోనూ లోపలికి రానివ్వరు.