ఏడేళ్లు వాడిన ఆఫ్‌లైన్ మ్యాప్: తెలియని ప్రాంతంలో దూర ప్రయాణానికి ఎంతవరకు నమ్మవచ్చు?

సిగ్నల్ అందని చోట్ల కూడా పనిచేసే ఆఫ్‌లైన్ మ్యాప్ యాప్‌ను నేను ఏడేళ్లుగా వాడుతున్నాను. ఈ కాలంలో నాలుగుసార్లు, అంతకు ముందెన్నడూ చూడని విశాలమైన ప్రాంతాల గుండా సొంతంగా కారు నడుపుకుంటూ వెళ్లాను. చివరి ప్రయాణానికి 23 రోజులు పట్టింది, మీటరులో దాదాపు 6,400 కిలోమీటర్లు తిరిగాయి. మధ్యలో ఒకసారి యాప్ మార్చాను గానీ, రెండింటికీ ఆధారం ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ సమాచారమే. 2004లో బ్రిటన్‌లో మొదలై, ప్రపంచమంతటా ఉన్న స్వచ్ఛంద కార్యకర్తలు గీస్తూ దిద్దుతూ వస్తున్న పటం అది. కాబట్టి దీన్ని ఒక యాప్ సమీక్షగా కాక, ఆ పటాన్ని ఫోన్‌లోకి దించుకుని ప్రయాణానికి ఏర్పాట్లు చేసుకునే పద్ధతికి సమీక్షగా చదవాలని కోరుతున్నాను. నా అభిప్రాయం ముందే చెబుతాను: ఏ దారిన వెళ్లాలో చూపడంలో కన్నా, ఎక్కడెక్కడ ఆగాలో తేల్చుకోవడంలో ఇది నాకు ఎక్కువగా అక్కరకు వచ్చింది.

మొదటి ప్రయాణానికి నేను బయలుదేరే ఊరు, చేరాల్సిన ఊరు కొట్టి, వచ్చిన గీతను రోజుల లెక్కన ముక్కలు చేసుకున్నాను. ఒక రోజు వాటాకు 520 కిలోమీటర్లు, తొమ్మిది గంటలు వచ్చింది. ఆ రోజు బసకు చేరేసరికి పద్నాలుగు గంటలు గడిచాయి. యాప్ వేసింది తప్పుడు లెక్క కాదు. రోడ్డు తరగతిని బట్టి ఒక వేగాన్ని అనుకుని, ఎక్కడా ఆగకుండా పోతే ఎంతసేపు పడుతుందో అది చెప్పింది. బంకు దగ్గర వరుసలో నిలబడిన సమయం, బరువు లారీ వెనుక నెమ్మదిగా ఎక్కిన ఘాట్, భోజనం, కాసేపు నడుము వాల్చడం, దారి అడగడానికి ఆగిన నిమిషాలు దాని లెక్కలోకి రావు. అప్పటి నుంచి యాప్ చెప్పిన గంటలకు తారు రోడ్డయితే మూడో వంతు, కొండదారి అయితే సగం కలుపుకుంటున్నాను. పొద్దుగూకడానికి గంట ముందే బస చేరేలా చూసుకుంటున్నాను.

ఇప్పుడు నా పద్ధతి పూర్తిగా తిరగబడింది. దారిని చివరికి వదిలేసి, ముందు ఆగే చోట్లను గుర్తిస్తాను: పెట్రోల్ బంకులకు ఎరుపు, రాత్రి బసలకు నీలం, ఆసుపత్రులకు తెలుపు, పంచర్ వేసే చోట్లకు పసుపు. ఇవి కాక నల్లరంగు గుర్తు ఒకటి ఉంటుంది. అది వెనక్కి తిరిగే చోటు. అక్కడికి చేరేసరికి ట్యాంకులో అనుకున్నంత ఇంధనం లేకపోయినా, అనుకున్న వేళ దాటిపోయినా, ముందుకు వెళ్లకుండా వెనకటి బసకే వెళ్లాలని ఇంట్లో కూర్చుని స్థిమితంగా తీసుకున్న నిర్ణయం. అలసిపోయి స్టీరింగ్ ముందు కూర్చున్న మనిషి ఆ నిర్ణయం సరిగ్గా తీసుకోలేడు. ఈ గుర్తులన్నీ పెట్టాక చూస్తే, చాలా చోట్ల వాటి మధ్య దారి ఒక్కటే మిగులుతుంది.

ఇంధనం లెక్క కొంచెం వివరంగా చెప్పాలి. మా కారు ట్యాంకు 45 లీటర్లు. మంచి రోడ్డు మీద లీటరుకు 14 కిలోమీటర్లు ఇస్తుంది కాబట్టి, కాగితం మీద 630 కిలోమీటర్లు పోవచ్చు. నిండా సామానుతో, కంకర రోడ్డు మీద, ఎత్తు ఎక్కుతూ పోయినప్పుడు అదే కారు 9 మాత్రమే ఇచ్చింది, అంటే 405. అందులో మూడో వంతు ముట్టుకోకూడదని పక్కన పెడితే చేతిలో మిగిలేది 270 కిలోమీటర్లు. కనుక రెండు ఎర్ర గుర్తుల మధ్య దూరం 270 దాటితే ఆ భాగానికి అదనపు డబ్బా ఉండాలి, లేదా దారి మారాలి. ఇలాంటి ఖాళీలు అరుదేమీ కాదు. అలాస్కాలోని డాల్టన్ హైవే మీద కోల్డ్‌ఫుట్ దాటితే డెడ్‌హార్స్ వరకు దాదాపు 385 కిలోమీటర్ల మేర ఇంధనం దొరకదు.

ఎర్ర గుర్తునే గుడ్డిగా నమ్మి మూడో ప్రయాణంలో నేను ఇబ్బంది పడ్డాను. పటంలో బంకు ఉన్న చోటికి సాయంత్రం ఐదున్నరకు చేరితే, అక్కడ రేకుల కప్పు, దాని కింద పంపులు పీకేసిన రెండు సిమెంటు దిమ్మెలు, వాటి మధ్య మొలిచిన గడ్డి కనిపించాయి. ట్యాంకులో పావు వంతు కన్నా తక్కువే ఉంది. ఏసీ ఆపి, వేగం యాభై దాటనివ్వకుండా తర్వాతి ఊరికి చేరే వరకు నేనూ, పక్కన కూర్చున్న మా అక్కా ఒక్క మాట కూడా మాట్లాడుకోలేదు. తిరిగి వచ్చాక చూస్తే, ఆ బంకు నమోదును ఆరేళ్లుగా ఎవరూ ముట్టుకోలేదు. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ వెబ్‌సైటులో ఏ గుర్తునైనా ఎంచుకుంటే దాన్ని చివరిసారి ఎప్పుడు దిద్దారో తేదీతో సహా కనిపిస్తుంది. బయలుదేరే ముందు అది చూడకపోవడం నా పొరపాటు. ప్రాణాధారమైన ప్రతి గుర్తుకూ ఇప్పుడు ఆ తేదీ చూస్తాను, ఉపగ్రహ చిత్రంతో పోలుస్తాను, ముందు రాత్రి బస చేసిన చోట అడుగుతాను. మూడింటిలో రెండైనా కలవకపోతే ఆ బంకు లేనట్టే లెక్క.

రోడ్డు నాణ్యత విషయంలో ఈ పటం ఇచ్చే సమాచారం ఉన్నంత మేరకు అద్భుతంగా ఉంటుంది. ఉపరితలం తారా, కంకరా, మట్టా అన్నది రాసి ఉంటుంది. పొలాల, అడవుల బండిదారులకు గట్టిదనాన్ని బట్టి ఒకటి నుంచి ఐదు వరకు గ్రేడ్లు ఉంటాయి. ఒకటి గట్టి దారి, ఐదు మెత్తటి నేల. వంతెన లేకుండా వాగులో దిగి దాటాల్సిన చోటికి విడిగా గుర్తు ఉంటుంది. చిక్కల్లా ఈ వివరాలు ఎవరూ రాయని రోడ్లతోనే. అలాంటి రోడ్డును యాప్ మామూలు రోడ్డుగానే లెక్కకడుతుంది. ‘మట్టి రోడ్లు వద్దు’ అనే సెట్టింగ్ పెట్టుకున్నా, ఆ రోడ్డు మట్టిదని పటానికే తెలియనప్పుడు దాన్ని తప్పించలేదు. అందుకే యాప్ చూపిన అడ్డదారి నలభై కిలోమీటర్లు ఆదా చేస్తానన్నా, దాని ఉపరితలం గురించి ఏమీ రాసి లేకపోతే నేను ఆ వైపు పోను.

ఎత్తుల విషయం చాలామంది పట్టించుకోరు; నాకు మాత్రం అది చాలా ముఖ్యం. 2000 ఫిబ్రవరిలో ఒక అంతరిక్ష నౌక పదకొండు రోజుల పాటు రాడార్‌తో భూమి ఎత్తుపల్లాలను కొలిచింది. ఉత్తరాన 60 డిగ్రీల నుంచి దక్షిణాన 56 డిగ్రీల వరకు ఉన్న నేలకు ఇలాంటి యాప్‌లలో కనిపించే కాంటూరు రేఖలు (ఒకే ఎత్తులో ఉన్న చోట్లను కలిపే గీతలు) ఎక్కువగా ఆ కొలతల నుంచే వచ్చాయి. మా రెండో ప్రయాణంలో ఆ రేఖలు చూశాకే, ఒకే రోజులో 2,600 మీటర్ల బస నుంచి 4,100 మీటర్ల బసకు చేరేలా ఏర్పాటు చేసుకున్నామని గ్రహించాను. దూరం 190 కిలోమీటర్లే కాబట్టి, అది తేలికైన రోజని అప్పటివరకు అనుకున్నాను. పలుచని గాలికి ఒళ్లు అలవాటు పడాలంటే, 3,000 మీటర్లు దాటాక నిద్రించే ఎత్తును రాత్రికి 500 మీటర్లకు మించి పెంచవద్దని వైద్యులు చెబుతారు. ఆ ఒక్క రోజును మూడు రోజులు చేశాం. అందుకోసం వేరే రెండు ఊళ్లను వదులుకున్నాం.

జీపీఎస్‌కు నెట్ అక్కర్లేదు, సిమ్ కూడా అక్కర్లేదు. ఉపగ్రహాల సంకేతాలను ఫోన్ నేరుగా అందుకుంటుంది. అయితే నెట్‌వర్క్ సాయం లేనప్పుడు మొదటిసారి మన చోటు కనిపెట్టడానికి ఆలస్యం కావచ్చు, ఎందుకంటే ఉపగ్రహం పంపే పూర్తి సందేశం అందడానికి పన్నెండున్నర నిమిషాలు పడుతుంది. బస దగ్గరే ఆరుబయట ఫోన్ పెట్టి, చుక్క కదలకుండా నిలిచాకే నేను బండి కదిలిస్తాను. ఎండకు అద్దం వెనుక పెట్టిన ఫోన్ వేడెక్కి తెర మసకబారింది. ఇప్పుడు దాన్ని ఏసీ గాలి తగిలే చోట బిగిస్తున్నాను. గుర్తులన్నిటినీ జీపీఎక్స్ ఫైలుగా (మ్యాప్ యాప్‌లు చదవగలిగే ఫైలు రకం) పాత ఫోన్‌లో ఒక కాపీ, ఇంట్లో ఉన్నవారి దగ్గర ఒక కాపీ ఉంచుతాను.

ఇంత చెప్పాక కూడా, ప్రయాణానికి ఏర్పాట్లు మొదలుపెట్టిన మొదటి రెండు సాయంత్రాలు నేను ఫోన్ తీయను. కాగితం పటాన్ని బల్ల మీద పరుస్తాను. 1:10,00,000 స్కేలు పటంలో ఒక సెంటీమీటరు అంటే పది కిలోమీటర్లు. జాన చాచి ఆన్చితే ఒక రోజు ప్రయాణం దాదాపు దానిలో ఒదిగిపోతుంది. ఫోన్‌లో ప్రాంతమంతా కనిపించేలా చిన్నది చేస్తే చిన్న ఊళ్లు, చిన్న రోడ్లు మాయమవుతాయి. అవి కనిపించేలా పెద్దది చేస్తే మనం ఎక్కడున్నామో మరిచిపోతాం. నదులు ఏ వైపు పారుతున్నాయి, కొండల వరుస ఎటు అడ్డంగా ఉంది, దాన్ని దాటే కనుమలు ఎన్ని అన్నవి ఒక్క చూపులో కనిపించేది కాగితం మీదే. పెద్ద ప్రాంతం మనసులో ఇమడాలంటే నాకు ఇంతకన్నా మంచి సాధనం దొరకలేదు.

లోపాలు లేకపోలేదు. కొండచరియలు పడి రోడ్డు మూసేసిన సంగతి ఆఫ్‌లైన్ పటానికి తెలియదు; దానికి ఆ ప్రాంత రోడ్ల అధికారుల ప్రకటనలే దిక్కు. ఊరి పేరు వెతికేటప్పుడు ఒక అక్షరం తేడా వచ్చినా దొరకని సందర్భాలున్నాయి, కాబట్టి ముఖ్యమైన చోట్లను అక్షాంశ రేఖాంశాలతో దాచుకోవాలి. అదే పటంలో స్థానిక లిపిలో రాసిన పేర్లు మాత్రం గొప్ప మేలు చేశాయి. భాష కలవని ఒక ట్యాంకర్ డ్రైవరుకు ఫోన్ చూపిస్తే, ఆయన ఊరి పేరు చదివి, తల అడ్డంగా ఊపి, మేము వెళ్లాలనుకున్న గీత పక్కనే ఉన్న మరో గీత మీద వేలితో నెమ్మదిగా గీసి చూపించారు. ఆ దారినే వెళ్లాం, చీకటి పడకముందే చేరాం.

మూడో ప్రయాణం నుంచి వచ్చిన వారానికి ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో ఖాతా తెరిచి, ఆ పాడుబడ్డ బంకు వాడుకలో లేదని దిద్దాను. నాలుగో ప్రయాణానికి ముందు కొత్త పటం దించుకుని మొదట అక్కడికే వెళ్లి చూశాను. బంకు గుర్తు పోయింది, రోడ్డు గీత ఒక్కటే ఉంది.