విశాఖలో ఫొటో వాక్‌లు: కొన్నేళ్ళు నిర్వహించాక నా అభిప్రాయం

కెమెరాలు, ఫోన్లు పట్టుకుని పదిమంది కలిసి ఊరు చూస్తూ నడవడానికి మన తీరంలో విశాఖపట్నాన్ని మించిన నగరం లేదని నా గట్టి నమ్మకం. సముద్రం, కొండలు, రేవు, పాతకాలపు వీధులు ఒకదానికొకటి అంత దగ్గరగా ఉన్నాయి. కొన్నేళ్ళుగా ఆదివారం ఉదయాల్లో ఈ నడకలను నిర్వహిస్తున్నాను. రుసుము లేదు, సభ్యత్వం లేదు, ఎవరైనా రావచ్చు. దారి బాగుందా, వెలుగు దొరికిందా అన్నది నేను తర్వాత చూసే సంగతి. నడక ముగిశాక అందరూ కూర్చుని ఒకరి ఫొటోలు ఒకరు చూశారా, ఫొటోల్లోని మనుషులకు అవి చేరాయా అన్నవి ముందు చూస్తాను. ఈ రెండూ జరిగిన నడకకు మనుషులు మళ్ళీ వస్తారు. జరగకపోతే, ఎంత అందమైన ఉదయం దొరికినా తర్వాతి వారం సగం మంది కనిపించరు.

అయినా మొదలుపెట్టాల్సింది వెలుగుతోనే. భారత కాలమానానికి ఆధారమైన 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశం కాకినాడ దగ్గరగా వెళ్తుంది. విశాఖ దానికి ఇంకాస్త తూర్పున, 83.3 డిగ్రీల దగ్గర ఉంది. అందుకే మనకు తొందరగా తెల్లవారుతుంది. జూన్ మొదట్లో 5:20 ప్రాంతంలోనే సూర్యోదయం, జనవరి మధ్యలో 6:30 ప్రాంతంలో. సాయంత్రం సూర్యుడు కొండల వైపు దిగిపోతాడు కాబట్టి సముద్రంలో అస్తమించే సూర్యుడి కోసం ఇక్కడ ఎదురుచూడటం అనవసరం. విశాఖలో ఫొటో వాక్ అంటే ఉదయమే. వేసవిలో ఏడున్నర దాటిందంటే ఎండ నెత్తి మీదికి ఎక్కుతుంది, మనుషుల కళ్ళ కింద నల్లటి నీడలు పడతాయి. ఆ తర్వాత తీసిన ముఖాలేవీ నాకు నచ్చవు.

అంటే వేసవిలో అయిదు గంటలకల్లా కలుసుకోవాలి. ఇది రాసినంత సులభం కాదు. ఆ వేళకు సిటీ బస్సులు పలచగా ఉంటాయి. ఆడపిల్లలను చీకట్లో ఒంటరిగా పంపడానికి ఇంట్లోవాళ్ళు జంకుతారు, ఆ జంకు న్యాయమైనదే. అందుకే కలుసుకునే చోటు ఎప్పుడూ దీపాలు వెలుగుతూ, టీ కొట్టు తెరిచి ఉండే కూడలిలోనే పెడతాం. ఒకే పేటలో ఉండేవాళ్ళను ముందురోజే జత కలుపుతాం. ఈ ఏర్పాటు మొదలయ్యాక మా బృందంలో మహిళల సంఖ్య స్పష్టంగా పెరిగింది. నిర్వాహకులు లెన్సుల గురించి మాట్లాడే సమయంలో కొంత దీనికి కేటాయిస్తే ఎంతో మేలు.

ఇక ఎంతమంది? అమెరికా ఫొటోగ్రాఫర్ స్కాట్ కెల్బీ 2008లో మొదలుపెట్టిన వరల్డ్‌వైడ్ ఫొటో వాక్‌లో ఒక్కో నడకకు యాభై మంది వరకు చేరవచ్చు. విశాలమైన రోడ్లున్న ఊళ్ళలో అది కుదురుతుందేమో. పాత నగరంలోని కోట వీధిలోకి యాభై మంది వస్తే ఊరేగింపు అవుతుంది, ఫొటోలు రావు. నా లెక్కలో పన్నెండు మంది చాలు. వాళ్ళను కూడా ఇద్దరిద్దరుగా విడదీయాలి. ఒక మనిషి ముందు ఒకేసారి రెండు కెమెరాలకు మించి ఉండకూడదన్నది మా బృందంలో మారని నియమం. ముగ్గులేస్తున్న ఇల్లాలి చుట్టూ పన్నెండు మంది వంగి నిలబడితే ఆమె చెయ్యి ఆగిపోతుంది, అందరికీ అదే బిగుసుకున్న ముఖం దొరుకుతుంది. ఆమె ముంగిట్లోకి మనం అతిథులుగా వచ్చామన్న సంగతి గుర్తుండాలి.

దారుల్లో నాకు అన్నిటికన్నా ఇష్టమైనది ఫిషింగ్ హార్బర్. ఒక ఉదయమంతా అక్కడే గడిపినా తనివి తీరదు. వేట ముగించుకుని బోట్లు వచ్చే వేళ, వేలం పాటల గోల, ఐసు గడ్డలు పగలగొట్టే చప్పుడు, తట్టలు నెత్తిన పెట్టుకుని కదిలే ఆడవాళ్ళు, నేల మీద మెరిసే కానాగంత, కవళ్ళు, చందువ చేపలు. కొత్తవాళ్ళు ఇక్కడ తికమక పడతారు, ఎటు చూసినా ఫొటోలాగే కనిపిస్తుంది కాబట్టి. అందుకే నేను ఒక్కొక్కరికి ఒక్కో పని అప్పజెబుతాను. ఒకరు చేతులు మాత్రమే తీయాలి, ఒకరు తాళ్ళు, లంగర్లు, ఇంకొకరు బోట్ల మీద రాసిన పేర్లు. అలా హద్దు పెడితే చూపు నిలుస్తుంది. ఒక కాలేజీ విద్యార్థిని బోట్ల పేర్లు తీస్తూ తీస్తూ ఆ పేర్లు ఎవరివని అడగడం మొదలుపెట్టింది. కూతుళ్ళవి, తల్లులవి, గ్రామదేవతలవి. ఆ తర్వాత ఆమె తీసిన సరంగుల (బోటు నడిపేవారి) ముఖాల ఫొటోలు మా బృందంలో ఇప్పటివరకు వచ్చిన వాటిలో మేటివి.

తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు చేపలు గుడ్లు పెట్టే కాలమని వేట నిషేధం ఉంటుంది. మోటారు లేని సంప్రదాయ పడవలకు మినహాయింపు. చాలామంది ఆ రెండు నెలలు హార్బర్‌లో చూడటానికి ఏమీ ఉండదనుకుంటారు. నేను దానికి పూర్తిగా వ్యతిరేకం. కళాసీలు (బోటు మీద పనిచేసేవాళ్ళు) తీరిగ్గా కూర్చుని వలలు బాగుచేస్తారు, బోట్లకు రంగులు పడతాయి, వడ్రంగులు చెక్కలు మారుస్తారు. అడిగితే కబుర్లు చెప్పే ఓపిక ఉంటుంది. పోర్ట్రెయిట్లు, అంటే మనుషుల ముఖాల ఫొటోలు తీయడం నేర్చుకోవడానికి ఏడాదిలో అంతకన్నా మంచి కాలం లేదు. అయితే అది ఆ ఇళ్ళలో ఆదాయం లేని కాలం కూడా. పక్కవాడి ఖాళీ చేతులను కళగా చూపించే ముందు వారితో నాలుగు మాటలు మాట్లాడాలని బృందానికి మళ్ళీ మళ్ళీ చెబుతాను. 2023 నవంబరులో అర్ధరాత్రి అగ్నిప్రమాదంలో అక్కడ పదుల సంఖ్యలో బోట్లు కాలిపోయినప్పుడు చాలాకాలం నడకను అటు తీసుకెళ్ళలేదు. కాలిన చెక్కల ముందు వార్తల కోసం నిలబడే అవసరం పత్రికలవారికి ఉంది, మాకు లేదు.

ప్రింట్లు పంచే పని ఈ హార్బర్‌లోనే మొదలైంది. వేలం దగ్గర ఒక ఆమె మా కుర్రవాడిని నిలదీసింది. "తీసుకెళ్ళేవాళ్ళే గానీ తెచ్చి ఇచ్చేవాళ్ళు లేరు బాబూ. ఇంతమంది తీశారు, ఒక్కటైనా నా చేతికి వచ్చిందా?" ఆమె అడిగినదాంట్లో తప్పేముంది? ఆ నెల నుంచి ప్రతి నడక తర్వాత పోస్టుకార్డు సైజులో ప్రింట్లు వేయించి తిరిగి ఇస్తున్నాం. పద్ధతి ఇలా ఉంటుంది. ఫొటో తీసినవారే మనిషి పేరు, కూర్చునే చోటు ఫోనులో రాసుకోవాలి. ప్రింటు వెనక పెన్సిలుతో ఆ పేరు రాసి, కవర్లో పెట్టి, అక్కడి టీ కొట్టు యజమానికి ఇస్తాం. ఆయనకు ఎవరు ఎప్పుడు వస్తారో తెలుసు. ఖర్చు తలా కొంత. ఒక ప్రింటింగ్ ల్యాబ్‌లో ఒకసారి మనుషుల చర్మపు రంగును అడగకుండానే తెల్లబరిచి ఇచ్చారు. అవన్నీ మళ్ళీ వేయించాం. ఎండలో పనిచేసే మనిషికి తన రంగులో ఉన్న ఫొటోనే ఇవ్వాలి. ప్రింట్లు చేరిన తర్వాత మా నడకల స్వభావమే మారింది. వెళ్ళగానే మనల్ని పలకరిస్తారు, అనుమతి అడగకముందే కుర్చీ వేస్తారు.

పాత నగరం దారి నాకు రెండో ఇష్టం. విక్టోరియా రాణి విగ్రహం దగ్గర మొదలుపెట్టి, కురుపాం మార్కెట్ వీధులు తిరిగి, 1847లో నెలకొల్పిన సెయింట్ అలోషియస్ పాఠశాల పక్కగా రేవు వైపు వెళ్తాం. అక్కడ మూడు కొండలు వరసగా ఉంటాయి. ఒకదాని మీద వెంకటేశ్వరస్వామి గుడి, ఒకదాని మీద దర్గా, రాస్ హిల్ మీద చర్చి. మెట్లు ఎక్కలేని పెద్దలు బృందంలో ఉంటే కింద వీధుల్లోనే ఆగడం మంచిది, అక్కడా పనికి కొదవ లేదు. సన్నటి వీధులు కాబట్టి సూర్యోదయపు వెలుగు లోపలికి రాదు. ఎనిమిది గంటల వేళ గోడల పైనుంచి వాలుగా దిగుతుంది. అందుకే హార్బర్‌కు తెల్లవారగానే వెళ్తాం, పాత నగరానికి కాస్త ఆలస్యంగా. రెండూ ఒకే ఉదయం చేసేటంత దగ్గరగా ఉన్నా నేను కలపను. అలసిపోయిన కళ్ళు గోడలను చూడవు. మార్గశిర మాసపు గురువారాల్లో బురుజుపేట కనకమహాలక్ష్మి గుడి వైపు విపరీతమైన రద్దీ ఉంటుంది. అమ్మవారి మూలవిరాట్టు పైకప్పు లేకుండా ఆరుబయట ఉంటుంది, భక్తులే స్వయంగా పూజ చేసుకుంటారు. ఆ పూట గుంపుగా వెళ్ళవద్దు. వెళ్ళినా కెమెరా సంచిలోనే ఉంచి దండం పెట్టుకుని రండి.

పాత నగరంలో తీసిన ఫొటోలకు మరో విలువ ఉంది. చెక్క వరండాలున్న ఇళ్ళు ఒక్కొక్కటిగా పోతున్నాయి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను ఒక్కరోజులో ఈ ఊరి చెట్లను నేలకూల్చింది. అంతకుముందు ఎవరో మామూలుగా తీసిన నీడల రోడ్ల ఫొటోలు ఈరోజు అపురూపమైన ఆధారాలు. అందుకే మా ఆల్బమ్‌లో ప్రతి ఫొటోకూ తేదీ, వీధి పేరు తప్పనిసరి. అవి లేని ఫొటో ఎంత బాగున్నా ఆల్బమ్‌లో చేర్చం.

ఆర్.కె. (రామకృష్ణ) బీచ్ గురించి నా మాట కొందరికి రుచించకపోవచ్చు. మొదటిసారి కెమెరా పట్టినవారికి అది హాయిగా ఉంటుంది. 1969లో నౌకాదళంలో చేరి 2001లో విరమించి, ఆ మరుసటి ఏడాది మ్యూజియంగా మారిన కురుసుర జలాంతర్గామి, ఎదురుగా 2017లో మ్యూజియంగా తెరిచిన టీయూ-142 నౌకాదళ విమానం ఉన్నాయి. తర్వాత మూరీ మిక్చర్ (మరమరాల మిక్చర్) తింటూ కబుర్లు. కానీ పది మంది వెళ్తే పది మందికీ అదే ఫొటో వస్తుంది. ఏడాదికి ఒకటి రెండు సార్లు చాలు. అక్కడికన్నా మత్స్యకారులుండే పెదజాలారిపేట ఇసుక ఎన్నో రెట్లు నయం. భీమిలి ఒక పూట ప్రయాణం. డచ్చి సమాధులు, గోస్తని నది సముద్రంలో కలిసే చోటు, 1861 నాటి పురపాలక సంఘపు చరిత్ర ఉన్న ఊరు. వర్షాకాలం చివర వెళ్ళండి.

ఎర్రమట్టి దిబ్బలకు మాత్రం గుంపుగా తీసుకెళ్ళడాన్ని నేను సమర్థించను. గాలి, వాన, సముద్ర మట్టాల మార్పులు వేల ఏళ్ళు పనిచేసి మలిచిన ఇసుక అది, జాతీయ భూవారసత్వ స్థలం. గట్ల అంచుల మీద పన్నెండు జతల కాళ్ళు నడిస్తే మట్టి రాలుతుంది. ఇద్దరు ముగ్గురు కలిసి, ఉన్న కాలిబాట మీదే నడిచి, దూరం నుంచి తీసుకోండి.

ఒక హెచ్చరిక తప్పదు. ఇది తూర్పు నౌకాదళ కమాండ్ కేంద్రమున్న ఊరు. నిషిద్ధ స్థలాల చిత్రాలు తీయడం 1923 నాటి అధికార రహస్యాల చట్టం కిందికి రావచ్చు. నౌకాదళ ప్రహరీలు, యుద్ధనౌకలు, రేవు లోపల ఓడలు నిలిపే బెర్తుల వైపు లెన్సు తిప్పకూడదు. జూమ్ లెన్సులున్నవారికి నడకకు ముందే ఇది విడిగా చెబుతాను. కాపలా సిబ్బంది ఆపితే వాదించకుండా ఫొటోలు చూపించాలి. డ్రోన్లను మా నడకల్లో అసలు అనుమతించను.

సామాను గురించి తక్కువే చెబుతాను. ఫోను చాలు. కెమెరా ఉంటే 35 లేదా 50 మిల్లీమీటర్ల లెన్సు ఒక్కటే తెచ్చుకోండి. ఏసీ గదిలోంచి బయటికి తెస్తే ఇక్కడి తేమకు అద్దం మీద ఆవిరి పడుతుంది, పావుగంట ముందే సంచి బయట పెట్టండి. ఇంటికి వెళ్ళాక ఉప్పు తేమ తుడిచి, తేమ పీల్చే సిలికా జెల్ పొట్లాలతో దాచకపోతే లెన్సులో బూజు పడుతుంది.

సమన్వయానికి వాట్సాప్ గ్రూపు ఒక్కటి సరిపోయింది. లైవ్ లొకేషన్ పావుగంట, గంట, ఎనిమిది గంటలు అని మూడు రకాలుగా ఇస్తుంది. గంట సరిపోదు, ఎనిమిది గంటలది పెట్టి నడక అయ్యాక ఆపేయండి. ఫొటోలు మామూలుగా పంపితే నాణ్యత పడిపోతుంది కాబట్టి డాక్యుమెంటుగా పంపాలి. అందరూ అన్నీ పంపితే గ్రూపు పనికిరాకుండా పోతుంది.

అందుకే కూర్చునే సమయం. నడక రెండు గంటలైతే టిఫిన్ హోటల్లో గంట. ఇడ్లీ, పెసరట్టు వచ్చేలోగా ప్రతి ఒక్కరూ తమ ఫొటోల్లోంచి అయిదే ఎంచుకోవాలి. ఎంచుకోవడంలోనే చదువంతా ఉంది. వందల్లోంచి అయిదు తీసేటప్పుడు తమకు ఏది నచ్చుతుందో మొదటిసారి తెలుస్తుంది. ఫోన్లు చేతులు మారతాయి. "బాగుంది" అన్న మాట నిషేధం. ఏది బాగుందో, ఎందుకో చెప్పాలి. ముప్పై ఏళ్ళు రైల్వేలో పనిచేసి రిటైరైన పెద్దాయన ఒక పదోతరగతి అబ్బాయిని "నాన్నా, ఈ గొడుగు నీకు ఎక్కడ కనిపించింది? నేనూ ఆ వీధిలోనే ఉన్నానే" అని అడగడం నేను విన్నాను. ఒకే వీధిలో నడిచిన ఇద్దరు చూసినవి ఎంత వేరో అక్కడ తెలుస్తుంది. ఈ గంట లేని ఫొటో వాక్‌ను నేను ఎవరికీ సిఫారసు చేయను.

కొత్తగా మొదలుపెట్టాలనుకునేవారు ఆరుగురితో, ఏప్రిల్ 15 తర్వాత వచ్చే మొదటి ఆదివారం హార్బర్ దారి తీసుకోండి. ముందురోజు వెళ్ళి అక్కడి సంఘం పెద్దలకు, టీ కొట్టు యజమానికి చెప్పి రండి. ప్రింట్ల డబ్బు నడకకు ముందే వసూలు చేయండి, తర్వాత అడిగితే ఆలస్యమవుతుంది. జూన్ 14లోపు ప్రింట్లు పంచేయండి. వేట మొదలైతే సరంగులు ఒడ్డున దొరకరు.